భవానీప్రసాద్ గారి ఆదరణ కూడిక

శుక్రవారం పొద్దున సూసనమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. డాబా మీద ఎండిన మిరపకాయలకు తొడిమలు తీసి, మధ్యాహ్నానికల్లా మిల్లుకు పంపాలి. ఆ సంగతే పిట్టగోడ అవతల బట్టలారేస్తున్న గౌసియాబీకి చెప్పింది.

"నిన్న కాయలు ఎండబోసా. ఇవాళ తొడిమలు తీస్తా. అడ్డం ఏమీ లేదు."

గౌసియాబీ నవ్వింది. "ఏందక్కా, నువ్వు కూడా ఆ కంపెనీలో చేరావా?"

చేరినట్టే లెక్క. మనవరాలు జాయిస్‌కు కరోనా ఏడాది చదువు అయిపోగానే ఓ పెద్ద ఐటీ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. లాప్‌టాప్ కొరియరులో నందిగామ వచ్చింది. జీతం బ్యాంకులోకి వచ్చింది. జాయిస్ మాత్రం హైదరాబాదులోని ఆఫీసు గడప ఇంతవరకూ తొక్కలేదు. తల్లి బేబి చందర్లపాడు బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళాక, రోజంతా ఇంట్లో ఉండేది అమ్మమ్మా, మనవరాలూ, లాప్‌టాప్‌లోని గొంతులూ.

పొద్దున్నే ఆ గొంతులన్నీ ఒకచోట చేరతాయి. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, అడ్డం ఏమైనా ఉందా అని ఒక్కొక్కరే చెప్పుకుంటారు. తెర అవతల కూరగాయలు తరుగుతూ సూసనమ్మ అది రోజూ వింటుంది. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. అయినా మందిరంలో సాక్ష్యాలు చెప్పుకున్నట్టు ఉండేది ఆమెకు. చివర భవానీప్రసాద్ సార్ మాట్లాడితే పాస్టరుగారు దీవెన ఇచ్చినట్టే.

భవానీప్రసాద్ జాయిస్ మేనేజరు. జగ్గయ్యపేట మనిషి. మొదట్లో ఓసారి మీటింగు మధ్యలో కుక్కరు కూతేస్తే లండన్ నుంచి ఎవరో ఏమిటా చప్పుడని అడిగారట. జాయిస్ బిక్కచచ్చిపోయింది. ఆయనే అందుకుని, "అది మా నందిగామ బ్రాంచి సైరను. భోజనానికి లేవమని," అన్నాడు. ఆ రోజు నుంచి సూసనమ్మ ప్రార్థనలో ఆయన పేరు చేరింది. పైగా మూడు నెలలకోసారి కంపెనీ నుంచి, అందరూ ఆఫీసుకు వచ్చేయండి అని హుకుం వచ్చేది. ప్రతిసారీ ఏదో సర్దిచెప్పి జాయిస్‌ను ఇంట్లోనే ఉండనిచ్చేదీ ఆయనే. ఆయన ఉన్నంతకాలం పిల్ల కళ్ళముందు ఉంటుంది. ఆయన లేకపోతే పిల్ల కూడా ఉండదు. సూసనమ్మ బెంగంతా అక్కడే ఉంది.

వెళ్ళిపోవడం అనే మాటంటేనే ఆమెకు భయం. భర్త ఇశ్రాయేలు ఒకనాడు, ఆమె దొడ్లో నీళ్ళు తోడుతుంటే, చెప్పకుండానే జగ్గయ్యపేట బస్సెక్కాడు. సాయంత్రానికి నలుగురు మోసుకొచ్చారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో పాలవాడు సైతం 'వస్తానమ్మా' అనకుండా గేటు దాటితే ఊరుకోదు.

ఆ పొద్దున గొంతులు చేరాయి గాని భవానీప్రసాద్ గొంతు లేదు. ఎవరో నవీన్‌బాబట, అతను నడిపించాడు. సూసనమ్మకు కత్తిపీట మీద చెయ్యి ఆగింది. మీటింగు కాగానే జాయిస్ స్నానానికి వెళ్ళింది. సూసనమ్మ టీ గ్లాసు పెట్టడానికి గదిలోకి వెళ్ళి, తెరిచి ఉన్న లాప్‌టాప్ వైపు చూసింది.

తెర నిండా భవానీప్రసాద్ ఫోటో. కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి ఉంది. చుట్టూ తెల్లటి లిల్లీ పూలు. వెనక కుంగుతున్న సూర్యుడు, గుంపుగా ఎగిరిపోతున్న కొంగలు. కింద 2011 - 2025. ఇంకా కింద, సూసనమ్మ కూడబలుక్కుని చదివితే, 'మిస్ యూ సర్'.

బడికి పోకుండా బైబిలు చూసి, గోడల మీది రాతలు చూసి చదువు నేర్చుకున్న మనిషి. లిల్లీపూలూ, సూర్యాస్తమయమూ, మిస్ యూ కలిసి ఎక్కడ ఉంటాయో ఆమెకు ఒకరు చెప్పాలా? సెంటర్లో కరెంటు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీలన్నీ అవే కదా. టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. 'అయ్యో నాయనా' అనుకుంది. వెంటనే, 'అయితే మా పిల్ల వెళ్ళిపోద్దా' అనుకుంది. పోయిన మనిషిని తలుచుకోవాల్సిన నిమిషంలో ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకుంది.

జాయిస్ తల తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మమ్మా, ఇవాళ సాయంత్రం దాకా వరస మీటింగులే. నన్ను పిలవమాక, సరేనా?"

"తినవా?"

"ఆకలి లేదు."

అడిగితే ఏడుస్తుంది, మీటింగులో ఏడిస్తే ఉద్యోగానికి చేటు, అని సూసనమ్మ నోరు కుట్టేసుకుని బయటికి వచ్చింది. తిన్నగా పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. ఈసారి అడ్డం ఉంది.

"గౌసియా, భవానీప్రసాద్ సార్ పోయాడే."

"హాయ్ అల్లా! మన కుక్కరు సారా?"

"పద్నాలుగేళ్ళే వేశారు పాపం ఫోటో కింద. ఉద్యోగంలో చేరిన కాణ్ణించి లెక్క కామోసు."

"పిల్లేమంది?"

"ఏమంటది? కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆకలి లేదంది."

గౌసియాబీ చేతిలోని తడిబట్ట బకెట్లో పడేసింది. "సావు కబురు విన్న ఇంట్లో పొయ్యి ఎలిగించకూడదక్కా. అన్నం నే తెస్తా. నువ్వు కదలమాక."

ఆమె కొడుకు నౌషాద్‌కు మధిర రోడ్డులో ఫ్లెక్సీల షాపుంది. సార్‌కు నివాళి ఫ్లెక్సీ వెయ్యమని తల్లి ఫోను చేసేసరికి అతనికి తీరిక దొరికింది. జాయిస్ గదిలో లేని క్షణం చూసి సూసనమ్మ తన ఫోనుతో తెరను ఫోటో తీసి పంపింది. నౌషాద్ నుంచి సందేహం వచ్చింది.

"పెద్దమ్మా, 'శివైక్యం చెందారు' అని వెయ్యాలా, 'ప్రభువు నందు నిద్రించారు' అని వెయ్యాలా?"

సూసనమ్మకూ తెలియలేదు. గౌసియాబీ తేల్చేసింది. "'ఇక లేరు' అని వెయ్యరా. అన్ని మతాలకీ సరిపోద్ది."

ఇక మిగిలింది మందిరం. స్త్రీల సమాజానికి పెద్ద గ్రేసీ. ఎవరింట్లో ఏం జరిగినా ముందుగా తనకు తెలియాలని పట్టుదల. ఆ పిల్లకు ఆదరణ కావాలి, సాయంత్రం నలుగురం కూడి రెండు మాటలు చెప్పుకుందామని సూసనమ్మ అడగ్గానే, "నేను ఉన్నా కదా వదినా, నువ్వు కూర్చో," అంది. ఆ నలుగురూ నలభైమంది అయ్యారు. మందిరం నుంచి ప్లాస్టిక్ కుర్చీలు ఆటోలో వచ్చాయి. తెల్లచీరలు వచ్చాయి. గౌసియాబీ ఇంటి నుంచి బగారా అన్నం, దాల్చా డేగిసాలతో వచ్చాయి. మిరపకాయలు తొడిమలతోనే డాబా మీద ఉండిపోయాయి.

తలుపేసుకుని, చెవులకు ఆ పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్న జాయిస్‌కు ఇదేమీ వినపడలేదు.

సాయంత్రం, బేబి ఇంకా బడి నుంచి రాకముందే, గ్రేసీ కుర్చీలో సర్దుకుని, "ఆయన్ని ఎరిగినవాళ్ళు ముందు చెప్పండమ్మా," అంది. సూసనమ్మ లేచింది. ఎన్నడూ పదిమందిలో మాట్లాడని మనిషి.

"నేనాయన్ని చూళ్ళేదు. గొంతే విన్నా. మా పిల్లకి జొరమొస్తే దాని పని తను చేసి, చేసినట్టు ఎవరికీ చెప్పలేదంట. ఎవరన్నా తప్పు చేస్తే అందరి ముందూ అనడు, విడిగా పిలిచి చెప్తాడు. పై వాళ్ళు అరిస్తే 'తప్పు నాది' అంటాడు. ఐదేళ్ళు మా ఇంట్లో రోజూ ఆ గొంతు వినపడింది. ఒక్కసారి పిలిచి ముద్ద అన్నం పెట్టలేకపోయా. ఇప్పుడేం పెడతా?"

స్త్రీల సమాజం మొత్తం కొంగులతో కళ్ళొత్తుకుంది. గ్రేసీ పాట ఎత్తుకుంది. నలభై గొంతులు కలిసేసరికి గది తలుపు భళ్ళున తెరుచుకుంది. లాప్‌టాప్ రెండు చేతుల్లో పట్టుకుని జాయిస్ నిలబడింది. తెర మీద చిన్నచిన్న గడుల్లో ముఖాలన్నీ నందిగామ వైపు నోళ్ళు తెరిచి చూస్తున్నాయి.

"ఏందిది అమ్మమ్మా! ఇక్కడ ఫేర్‌వెల్ కాల్ నడుస్తుంటే!"

సూసనమ్మ నోరు విప్పేలోపు గేటు దగ్గర్నుంచి నౌషాద్ కేక వినిపించింది. అతను నిచ్చెన మీద నిలబడి ఫ్లెక్సీ కడుతున్నాడు.

"పెద్దమ్మా! సార్ తమ్ముడొచ్చాడు! అచ్చు ఆయన్లాగే ఉన్నాడు!"

చేతిలో స్వీట్ల డబ్బాతో ఓ మనిషి లోపలికి వచ్చాడు. వెనక్కి తిరిగి ఫ్లెక్సీ వైపు చూస్తూ నడవడం వల్ల గడప తట్టుకుని తూలాడు. సూసనమ్మ పరుగున వెళ్ళి అతని చేతులు పట్టుకుంది.

"రా నాయనా. మీ అన్న ఎంత మంచోడయ్యా! ఎట్టా పోయాడు బాబూ? బాధపడ్డాడా?"

అతను కాసేపు ఆలోచించాడు. "బాధేం పడలేదండీ. జగ్గయ్యపేటలో బస్సెక్కా. కండక్టరు చిల్లర లేదన్నాడు, అంతే."

ఆ గొంతు విని సూసనమ్మ చేతులు వదిలేసింది. ఆ గొంతు ఆమెకు తెలియనిదా?

"సార్!" అని జాయిస్ అరిచింది. "మా సార్ చచ్చిపోలేదు అమ్మమ్మా! కంపెనీ మారుతున్నారు! ఇవాళ ఆఖరి పనిరోజు! అది నేను చేసిన కార్డు!"

"కార్డుకి లిల్లీపూలెందుకే!"

"బాగున్నాయని పెట్టా!"

"ఆ కొంగలు?"

"అవి దాంతోనే వచ్చాయి!"

తెల్లచీరల్లో ఎవరికో నవ్వాగలేదు. తర్వాత ఎవరికీ ఆగలేదు. లాప్‌టాప్‌లోని గడులన్నీ ఊగిపోయాయి. గ్రేసీ ఒక్కతే గంభీరంగా, "ప్రార్థన బలం. లేచి వచ్చాడు," అంది.

భవానీప్రసాద్ గేటు వైపు వేలు చూపించాడు. "అంతా బానే ఉందండీ. ఆ పుట్టిన సంవత్సరమే. పంతొమ్మిదొందల డెబ్బై తొమ్మిదని ఎవరేశారు? నాది ఎనభై మూడు."

"2011 అంటే మరీ చిన్నపిల్లాడైపోతారని నేనే సర్దా సార్," అన్నాడు నౌషాద్ నిచ్చెన మీంచి.

గౌసియాబీ అతన్ని కూర్చోబెట్టి విస్తరి వేసింది. తన ఆదరణ కూడికలో తనే బగారా అన్నం తిన్నాడు భవానీప్రసాద్. వెళ్ళిపోయేముందు జాయిస్‌ను ఒక్కసారి ఎదురుగా చూద్దామని, ఆ ఫేర్‌వెల్ కాల్ ఫోనులో వింటూనే బస్సెక్కి వచ్చాడట. గేటు బయట నిలబడి సూసనమ్మ మాటలన్నీ విన్నాడట.

"పద్నాలుగేళ్ళు పనిచేశానండీ. ఆఖరికి నిన్న ఆఫీసులో ఒక కేకు కోయించి, కంపెనీ బొమ్మున్న నీళ్ళసీసా ఇచ్చారు. ఇన్ని మంచిమాటలు చెప్పించుకోవాలంటే నందిగామ వచ్చి చావాలని నాకెవరూ చెప్పలేదు."

సూసనమ్మ నవ్వింది గాని, లోపల ముల్లు కదిలింది. "బతికున్నావు, అదే పదివేలు. కానీ నువ్వు ఆ కంపెనీలో లేకపోతే మా పిల్లని ఇక ఎవరాపుతారు బాబూ?"

"ఆ భయం లేదండీ," అన్నాడాయన ముద్ద కలుపుతూ. "వచ్చేముందు, నా చోట్లోకి వచ్చిన నవీన్‌బాబుతో మాట్లాడి ఇంకో ఏడాదికి ఇంటి నుంచే పనని ఖాయం చేయించా. జాయిసే వద్దంది. సోమవారం నుంచి ఆఫీసుకి వస్తానంది. మీకు చెప్పలేదా?"

పాట అప్పటికే ఆగింది. ఇప్పుడు నవ్వులూ ఆగాయి. జాయిస్ లాప్‌టాప్ మూసి బల్ల మీద పెట్టింది. పొద్దుటి నుంచీ ఎర్రగా ఉన్న కళ్ళు ఇప్పుడు నిండాయి.

"అమ్మకి చెప్పా. నీకు చెప్పడానికి నోరు రాలేదు. ఐదేళ్ళయింది అమ్మమ్మా. ఒక్క మనిషినీ ఎదురుగా చూళ్ళేదు. సార్ వెళ్ళిపోతున్నారంటే ఏడుపొచ్చింది. ఆయన పొడుగో పొట్టో కూడా నాకు తెలీదు. ఇప్పుడు చూశా. ఇట్టా చూడకుండానే అందరూ వెళ్ళిపోతారేమోనని భయంగా ఉంది."

సూసనమ్మ ఆమె వైపు చూసింది. మనుషులు వెళ్ళిపోతారన్న భయం తనొక్కదానిదే అనుకుంది ఇన్నాళ్ళూ. పక్కగదిలో, తలుపేసుకుని, అదే భయం ఇంకొకటి పెరుగుతోందని కూరగాయలు తరుగుతూ ఎంత విన్నా వినపడలేదు. ఆ పొద్దున ఆమె ఒక మనిషిని పోగొట్టుకుని గుండె రాయి చేసుకుంది. ఆ మనిషి ఎదురుగా కూర్చుని దాల్చా ఇంకాస్త వెయ్యమంటున్నాడు. అలాంటి పోకతో పోలిస్తే హైదరాబాదు ఎంత దూరం? బస్సులు అర్ధరాత్రి దాకా ఉంటాయి.

"సోమవారం ఆఫీసంటే ఆదివారమే బయల్దేరాలిగా," అంది చివరకు. "మరి ముందే చెప్పొద్దా? కారం పట్టించేదాన్ని."

జాయిస్ వచ్చి ఆమె భుజం మీద తల పెట్టింది. సూసనమ్మ గ్రేసీ వైపు తిరిగింది.

"వదినా, నలభైమంది వచ్చారు, కుర్చీలొచ్చాయి. ఊరికే పోవడం దేనికి? పిల్ల ప్రయాణానికి చెయ్యండి ప్రార్థన."

గ్రేసీ అదే పాటను కాస్త వేగంగా ఎత్తుకుంది. శ్రుతి తెలియకపోయినా భవానీప్రసాద్ చప్పట్లు కలిపాడు. చీకటి పడకముందే ఆయన స్వీట్ల డబ్బా సూసనమ్మ చేతిలో పెట్టి, "వస్తానండీ" అని చెప్పి మరీ గేటు దాటాడు.

ఆదివారం జాయిస్‌ను బస్సెక్కించి వచ్చి సూసనమ్మ తొడిమలు తీయడానికి కూర్చుంది. సోమవారం సాయంత్రం ఫోను మోగింది. ఆఫీసు ఎంత పెద్దదో, క్యాంటీను ఎంత దూరమో, పక్క సీట్లో అమ్మాయి ఎంత వాగుడుకాయో జాయిస్ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సూసనమ్మ అన్నీ విని, "మన సార్ కొత్త ఉద్యోగంలో చేరాడా?" అని అడిగింది.

చేరలేదట. నౌషాద్ తన షాపు పనితనం చూపించుకోవడానికి ఆ ఫ్లెక్సీ ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. అది ఎటు తిరిగి ఎటు పోయిందో గాని కొత్త కంపెనీకి చేరింది. అన్ని కాగితాలూ సరిగానే ఉన్నాయి గాని, పింఛనుదార్ల మాదిరి బతికున్నట్టు సర్టిఫికెట్ ఒకటి తెమ్మన్నారు.