సాలూరు వెళ్ళిపోయిన డ్రమ్ములు

ఆ ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ ధనరాజు ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రం శ్రీకాకుళంలో జరిగే కచేరీలో సన్నాయి మోగకూడదు. మోగనివ్వడు గాక మోగనివ్వడు. అందుకు ఏం చెయ్యాలో రాత్రే ఆలోచించి పెట్టుకున్నాడు.

ధనరాజుకు గజపతినగరంలో ఇనప సామాన్ల కొట్టు ఉంది. మేకులు, గొళ్ళేలు, రంగు డబ్బాలు అమ్ముతాడు. నెమ్మదైన మనిషి. మూడు మేకులు కొని ముప్పావుగంట బేరమాడే వాడితో కూడా గట్టిగా మాట్లాడి ఎరగడు. అలాంటివాడికి 'తుప్పు' అనే బ్యాండంటే ప్రాణం. వాళ్ళు వాయించేదాన్ని పంక్ రాక్ అంటారు. ముగ్గురే మనుషులు. పాడేది కొండబాబు. నాగావళి సముద్రంలో కలిసే చోట పల్లెలో ఉంటాడు, తెల్లవారుజామున తండ్రి నూకయ్యతో వేటకు వెళ్ళి, చేపలు అమ్మేశాక గిటారు పట్టుకుంటాడు. డ్రమ్ములు వాయించే ఆనంద్‌కుమార్, బేస్ గిటారు వాయించే యుగంధర్ విజయనగరం కుర్రాళ్ళు. వాళ్ళ పాట ఏదీ రెండు నిమిషాలు దాటేది కాదు. చేపలకు ఐసు దొరకలేదని ఒక పాట, తుఫాను వస్తుందని చెప్పి వేట ఆపించారు గానీ తుఫాను రాలేదని ఇంకో పాట. అరుపుతో మొదలై అరుపుతోనే ఆగేవి. కొట్టు కట్టేశాక అవి వింటుంటే, పగలంతా తాను మింగేసిన మాటలన్నీ ఎవరో తన తరఫున కక్కేసినట్టు ఉండేది ధనరాజుకు. అందుకే అభిమాన సంఘం పెట్టి, దానికి అధ్యక్షుడయ్యాడు.

ఈ ఏడాది 'తుప్పు' కొత్త ఆల్బమ్ తెచ్చింది. పేరు 'నాగావళి'. అందులో మొదటి పాటే ఇరవై రెండు నిమిషాలు. కొండల్లో పుట్టిన నది సముద్రంలో కలిసేదాకా ఒకటే పాట. సన్నాయి మేళం పెట్టారు, డోళ్ళు పెట్టారు, విజయనగరంలో వయొలిన్ నేర్పే పద్మకుమారి టీచర్‌ను తెచ్చి ముందు కూర్చోబెట్టారు. అభిమానులు నిలువునా చీలిపోయారు. బ్యాండు ఎదిగిందని కొందరు, ముసలిదైపోయిందని కొందరు. బొబ్బిలి అభిమాని ఒకాయన, మొదటి పది నిమిషాలూ బాగుందనీ, తర్వాతి పదీ బాగుందనీ, రెండూ ఒకేసారి వినమనడమే అన్యాయమనీ తేల్చాడు. పలాస ఆయన సగం దాకా శ్రద్ధగా విని, పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగాడు.

ధనరాజు ఇంట్లో చీలిక ఇంకా దగ్గరగా వచ్చింది. ఆయన భార్య అనూరాధ కూడా 'తుప్పు' అభిమానే. అసలు వాళ్ళిద్దరి పరిచయం జరిగింది ఆ బ్యాండు కచేరీలోనే, తోపులాటలో ఆవిడ ఆయన కాలు తొక్కినప్పుడు. ఇప్పుడు ఆవిడకు 'నాగావళి' తప్ప ఇంకేదీ వినబుద్ధి కావడం లేదు. పొద్దున్నే వంటింట్లో పెట్టేస్తుంది. నదిని చూడటానికి కూడా అంత సేపు పట్టదని ఆయన అంటాడు. మీ చెవులకే తుప్పు పట్టిందని ఆవిడ అంటుంది.

ఇంతదాకా అయితే ధనరాజు ఊరుకునేవాడే. వారం క్రితం కొండబాబు ఫోన్ చేశాడు. "మావా, ఈ కచేరీకి కూడా మనోళ్ళు ఎవులూ మెచ్చుకోపోతే నేనింక పాటలు కట్టను. వలలు కట్టుకుంటాను" అన్నాడు. ఆ మాటకు ధనరాజుకు అన్నం సహించలేదు. బాగా ఆలోచించాక ఒకటే మార్గం కనిపించింది. మేళం రాకపోతే కొండబాబు పాత పాటలే పాడతాడు. పాత పాటలు పాడితే జనం ఊగిపోతారు. జనం ఊగిపోతే కుర్రాడు మళ్ళీ దారిలో పడతాడు. బ్యాండును కాపాడటానికి బ్యాండును కాస్త మోసం చెయ్యాలి, అంతే.

వాయిద్యగాళ్ళంతా విజయనగరంలో కలుసుకుని, మేళం వాళ్ళు ఒకటి, కొండబాబు గిటారుతో సహా డ్రమ్ముల వాళ్ళు ఒకటి, రెండు వ్యాన్లలో శ్రీకాకుళం రావాలి. ఆ వ్యాన్లు సాలూరు నరసింగరావువి. లారీల మనిషి, ధనరాజుకు చిన్ననాటి స్నేహితుడు, పాటల గొడవ పట్టనివాడు. ధనరాజు అతనికి ఫోన్ చేసే సమయానికి అనూరాధ పక్క గదిలో చీర ఇస్త్రీ చేసుకుంటోంది. అందుకని పేర్లు ఎత్తకుండా గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బావా, సంగీతం వాళ్ళని తిన్నగా శ్రీకాకుళం పంపీ. ఆ గోల బేచి ఉన్నారు కదా, ఆళ్ళని మాత్రం సాలూరు పట్టుకెళ్ళిపో. ముందు అక్కడ పోగ్రాం ఉన్నాదని సెప్పు. సాయంత్రం దాకా ఒగ్గకు. భోజనం మాత్రం మంచిది పెట్టు."

"గోల బేచి అంటే ఎవులు బావా?"

"ఇంటే నీకే తెలుస్తాది."

ఫోన్ పెట్టేసి, అభిమాన సంఘంలో పాత పాటల పక్షం వాళ్ళు వేరుగా పెట్టుకున్న గ్రూపులో ఒక సందేశం పెట్టాడు. ఈ రోజు పాత పాటలే ఉంటాయని, సన్నాయి వినపడదని, అది అధ్యక్షుడి మాట అని. నిమిషాల్లో వాళ్ళంతా బయల్దేరుతున్నామని జవాబులు పెట్టారు. అసలు రామని భీష్మించుకున్న టెక్కలి వాళ్ళు కూడా జీపు మాట్లాడుకున్నారు.

మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ బస్సులో శ్రీకాకుళం చేరారు. ఏటి ఒడ్డున ఒక ఫంక్షన్ హాలు. అప్పటికే హాలు ముందు పాత పాటల పక్షం వాళ్ళు నల్ల చొక్కాలు వేసుకుని గుంపులుగా ఉన్నారు. కొండబాబు తండ్రితోనూ పల్లెవాళ్ళతోనూ ఆటోల్లో వచ్చి దిగాడు. నూకయ్య కొడుకు కచేరీకి రావడం అదే మొదటిసారి. ఉతికిన పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

అంతలో వ్యాను వచ్చింది. ధనరాజు నవ్వుతూ ఎదురెళ్ళాడు. తలుపు తెరుచుకుంది. ముందు పద్మకుమారి టీచర్ పట్టుచీరలో వయొలిన్ పెట్టెతో దిగింది. వెనక సన్నాయి, ఇంకో సన్నాయి, శ్రుతిపెట్టె, డోళ్ళు దిగాయి. ధనరాజు వాళ్ళను దాటుకుని వ్యాను లోపలికి తల పెట్టి చూశాడు. లోపల ఏమీ లేదు. గిటార్లు లేవు, డ్రమ్ములు లేవు, వాటిని వాయించేవాళ్ళు లేరు.

హాలు వెనక్కి వెళ్ళి నరసింగరావుకు ఫోన్ చేశాడు. అటువైపు నుంచి డ్రమ్ముల మోత, దాని మీద లారీ హారన్లు వినిపించాయి.

"ఎవుల్ని పట్టుకెళ్ళేవు బావా?" అన్నాడు ధనరాజు.

"నువ్వు సెప్పినోళ్ళనే. వేన్ ఎక్కీముందు రెండు బేచిలూ సరి సూసుకుంటూ వాయించేరు. ఆ డ్రమ్ములోడు ఒక్క దెబ్బ కొట్టేడు. గోల బేచి ఎవులో నాకు తెలిసిపోనాది."

ధనరాజు వాళ్ళను వెంటనే తీసుకురమ్మన్నాడు. అది కుదరదని నరసింగరావు వివరించాడు. ఎవరిదో కొత్త లారీకి పూజ జరుగుతుంటే, కాలక్షేపంగా ఉంటుందని ఈ కుర్రాళ్ళ చేత వాయింపించాడట. రెండో పాటకే లారీల వాళ్ళంతా చుట్టూ చేరి హారన్లతో తాళం వేస్తున్నారట. మెడలో దండలు కూడా వేసేశారట. ఇప్పుడు లేవదీస్తే తన్నేలా ఉన్నారట. లేవదీసినా, సాలూరు నుంచి శ్రీకాకుళం చేరేసరికి చీకటి పడుతుంది.

కొండబాబు దగ్గరికి వెళ్ళి, ఎక్కడో పొరపాటు జరిగినట్టుందని ధనరాజు మెల్లగా చెప్పాడు. కచేరీ వాయిదా వేద్దామన్నాడు. కొండబాబు ముందు వరసలో ఉన్న తండ్రి వైపు చూసి, "మా అయ్య ఏట మానుకుని వచ్చేడు మావా. కచేరీ అయిపోవాల. నేను ఉత్త గొంతుతో అయినా పాడతాను" అన్నాడు.

ముందు తెర వెనక పాత పాట ఒకటి సన్నాయితో ప్రయత్నించి చూశారు. తుఫాను పాట. మొదటి చరణానికే పెళ్ళికూతుర్ని మండపానికి తీసుకొస్తున్నట్టు వినిపించింది. డోలు కళాకారుడు పొరపాటున గట్టిమేళం కూడా వాయించేశాడు. ఆ దారి మూసుకుపోయింది. ఇక ఈ వాయిద్యాలతో వాయించడానికి వీలున్నది ఒకటే పాట. ధనరాజు ఏ పాటను ఆపుదామని ఇంత చేశాడో, సరిగ్గా ఆ పాటే.

దానికీ ఒక అడ్డు వచ్చింది. పాటలో నది మైదానంలోకి దిగినప్పటి నుంచి ఆనంద్‌కుమార్ ఇనప డ్రమ్ము మీద ఊచతో ఒక దరువు వేస్తాడు. దాని మీదే చివరిదాకా పాట నడుస్తుంది. ఆ దెబ్బ లేకపోతే ఎవరికి వారు ఎటు పోతారో చెప్పలేనంది పద్మకుమారి టీచర్. పాట మొత్తం కంఠతా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చాలంది.

"మా ఆయనకి వచ్చు" అంది అనూరాధ.

ధనరాజు ఆ పాటను సరిగా వినను కూడా వినలేదన్నాడు.

"రోజూ పళ్ళు తోముకుంటూ బకెట్టు మీద దరువేసేది ఎవరండీ, పక్కింటాయనా?" అంది అనూరాధ.

అందరూ ధనరాజు వైపు చూశారు. కొండబాబు వేదిక దిగి, హాలుకు సున్నాలు వేసేవాళ్ళు వెనక వదిలేసిన పెద్ద రంగు డబ్బా ఒకటి మోసుకొచ్చి, బోర్లించి, అక్కడే దొరికిన ఇనప ఊచ ఒకటి ధనరాజు చేతిలో పెట్టాడు. తాను తవ్విన గోతిలో తానే పడటం ధనరాజుకు అర్థమైంది. అయితే ఆ కుర్రాడి చూపు చూశాక, పడ్డవాడు తిన్నగా పడాలని కూడా అనిపించింది. ఒక్క దెబ్బ తప్పనివ్వకూడదని పళ్ళు బిగించుకున్నాడు.

తెర లేచింది. వేదిక మీద పట్టుచీర, సన్నాయిలు, డోళ్ళు, వాటి మధ్యలో రంగు డబ్బా ముందు గొంతుక్కూర్చున్న అభిమాన సంఘం అధ్యక్షుడు. నల్ల చొక్కాల వాళ్ళు కాసేపు నమ్మలేకపోయారు. సన్నాయి మొదలయ్యేసరికి నమ్మక తప్పలేదు. నది కొండల్లో ఉన్నంతసేపూ గొణిగారు. మైదానంలోకి దిగి, ధనరాజు మొదటి దెబ్బ వెయ్యగానే టెక్కలి వాళ్ళు లేచి నిలబడి "ఆపు" అని అరిచారు. వెనక వరసలు అందుకున్నాయి. "ఆపు! ఆపు!"

వయొలిన్ తడబడింది. కొండబాబు గొంతు ఒక్క క్షణం సన్నగిల్లింది. ముందు వరసలో నూకయ్య వెనక్కి తిరిగి చూశాడు. ధనరాజు ఊచ మాత్రం ఆపలేదు. అరుపుల్లో తన దరువే తనకు వినపడక, అరుపుల్నే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. వాళ్ళు "ఆపు" అన్నాక ఒక దెబ్బ, మళ్ళీ "ఆపు", మళ్ళీ దెబ్బ. కొట్టగా కొట్టగా అరుపులు దెబ్బ కోసం ఆగసాగాయి. కొండబాబు అది కనిపెట్టి ఆ ఖాళీల్లోకి తన మాట విసిరాడు. పల్లెవాళ్ళకు అది వల లాగేటప్పుడు వేసుకునే కేకల లెక్కలా తోచి, వాళ్ళూ కూర్చున్నచోటి నుంచే గొంతు కలిపారు. నది సముద్రం దగ్గరికి వచ్చేసరికి హాలంతా ఒకే తాళంలో "ఆపు" అంటోంది. ఎవరూ ఆపడం లేదు. నూకయ్య చేతులు, ఆయనకు తెలియకుండానే, లేని తాడును లాగుతున్నాయి.

పాట అయిపోయింది. ధనరాజు అరచేతులు బొబ్బలెక్కాయి. నల్ల చొక్కాల వాళ్ళు ఇంకా "ఆపు" అని అరుస్తూనే ఉన్నారు. ఆపేశామని కొండబాబు చెప్పినా ఊరుకోలేదు. ఇంకోసారి వాయించమని దాని అర్థమని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

రెండోసారీ అయ్యాక సాలూరు వ్యాను వచ్చింది. ఆనంద్‌కుమార్, యుగంధర్ దండలతో దిగారు. వాళ్ళ వెనక నరసింగరావు దిగి, జనం మధ్యలోంచి తిన్నగా ధనరాజు దగ్గరికి వచ్చి, "నువ్వు సెప్పినట్టే సాయంత్రం దాకా ఒగ్గలేదు బావా, మంచి భోజనం కూడా పెట్టేను" అని అందరికీ వినపడేలా అన్నాడు.

అనూరాధ మొగుడి వైపు తిరిగింది. కొండబాబు కూడా చూశాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ధనరాజు జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. సాలూరు పంపాలనుకున్నది డ్రమ్ముల వాళ్ళను కాదని కూడా చెప్పాడు. పద్మకుమారి టీచర్ వయొలిన్ పెట్టెను దగ్గరికి లాక్కుంది.

"నువ్వు పాటలు మానీస్తానన్నావు. నాకు భయమేసినాది" అన్నాడు ధనరాజు.

"ఎవులూ మెచ్చుకోపోతే మానీస్తానన్నాను మావా. అందరూ మెచ్చుకోవాలని ఎప్పుడన్నాను?" అన్నాడు కొండబాబు. తర్వాత, వచ్చే ఆదివారం విజయనగరంలో కచేరీ ఉందనీ, ఆ డబ్బా భద్రంగా ఇంటికి పట్టుకెళ్ళి దానితోనే రమ్మనీ చెప్పి, తండ్రిని ఆటో ఎక్కించడానికి వెళ్ళిపోయాడు. నూకయ్య ఆటోలో కూర్చున్నాక, పాట ఎలా ఉందని ఎవరో అడిగితే, వల మాత్రం బాగా లాగేరన్నాడట.

రాత్రంతా సంఘం పెద్ద గ్రూపు అట్టుడికిపోయింది. నల్ల చొక్కాల వాళ్ళు ఇదే అసలైన 'తుప్పు' అన్నారు. గిటారు లేదు, డ్రమ్ము లేదు, ఖాళీ డబ్బా మీద ఇంత మోత ఇంతకుముందు ఎవరు చేశారని అడిగారు. కొత్త ఆల్బమ్ పక్షం వాళ్ళకు కడుపు మండిపోయింది. అంత నాజూకైన పాటను రంగు డబ్బాతోనూ బూతు కేకలతోనూ నాశనం చేశారని, ఇంతకంటే ఆ పాత పాటలే నయమని పెద్ద పెద్ద సందేశాలు పెట్టారు. బూతులేవీ లేవనీ, ఉన్నది 'ఆపు' ఒక్కటేననీ టెక్కలి వాళ్ళు జవాబిచ్చారు. ఎవరూ ఎవరి మాటా వినలేదు.

మర్నాడు ఉదయం అనూరాధ కాఫీ తెచ్చిపెట్టింది. అరచేతులకు మందు రాసింది. రాస్తూ రాస్తూ, ఆల్బమ్‌లో ఉన్నంత అందంగా నిన్న లేదని, మధ్యలో దరువు మరీ మొరటుగా పడిందని అంది. నది మైదానంలో అలాగే నడుస్తుందని ధనరాజు అన్నాడు. అసలు ఇరవై రెండు నిమిషాలు ఆ నదికి చాలవని కూడా అన్నాడు. ఆవిడ మందు సీసా మూత గట్టిగా బిగించి, రెండు నిమిషాల పాటలకు ఉన్న మర్యాద వేటికీ లేదంది.

ఆ రోజు కూడా ఆ ఇంట్లో గొడవ వేళకే మొదలైంది, పక్షాలే మారాయి.