అక్వేరియానికి మాక్ డ్రిల్

ఆదివారం ఉదయం ఏడున్నరకు సేఫ్టీగారు మెడలో విజిల్, చేతిలో నోటుపుస్తకంతో హాల్లోకి వచ్చారు. ఇంట్లో విజిలెందుకని భార్య అడగలేదు. పెళ్లయి ఆరేళ్లయింది. అడిగితే జవాబు ఎంత పొడుగుంటుందో ఆవిడకు తెలుసు.

ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఈ బిల్డింగులో ఒక్కరూ లేరు. నెలకోసారి ఫ్యాక్టరీలో ఉత్తుత్తి అగ్నిప్రమాదం జరిపించి, నాలుగొందల మందిని రెండు నిమిషాల పదకొండు సెకన్లలో బయట నిలబెట్టిన ఘనుడు. నిజం మంటను మాత్రం ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదు. ఆ లోటు ఆయనకు ఉండనే ఉంది.

ఆ రోజు పది నుంచి నాలుగు దాకా వీధి మొత్తానికి కరెంటు ఉండదని మూడు రోజుల కిందట గేటుకు నోటీసు అంటించారు. మామూలు మనుషులైతే ఫోను ఛార్జింగు పెట్టుకుని ఊరుకుంటారు. కానీ హాల్లో మామగారి అక్వేరియం ఉంది. అందులో హెడ్మాస్టరు ఉన్నారు.

హెడ్మాస్టరంటే చేప. అరచెయ్యంత గోల్డ్‌ఫిష్. పొద్దున్నే తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా ఈదుతూ, ప్రతి గులకరాయి దగ్గరా ఆగి హాజరు వేసుకుంటున్నట్టు చూస్తుంది కాబట్టి ఆ పేరు. దాని యజమాని, అంటే మామగారు, రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆరేళ్లలో ఆయన ఈ అల్లుడి చేతికి న్యూస్‌పేపరు తప్ప ఏదీ ఇచ్చిన పాపాన పోలేదు. అదీ తను చదివేశాకే. అలాంటి మనిషి పెద్దకూతురి ఇంటికి వెళ్తూ, ఎనిమిదేళ్లు పెంచిన చేపను తొట్టితో సహా తెచ్చి ఇక్కడ అప్పగించి, "పది రోజులు జాగ్రత్త" అన్నారు. సేఫ్టీగారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ పది రోజులూ నేటితో పూర్తి. మామగారు పదకొండింటికల్లా వచ్చేస్తారు. ఈలోగా హెడ్మాస్టరుకు ఏమైనా అయిందా, ఇక ఈ జన్మలో ఆ ఇంట్లో పాత పేపరు కూడా దక్కదు.

"పదింటికి ఎలాగూ కరెంటు పోతుంది కదండీ, ఈ తతంగమంతా అప్పుడే పెట్టుకోవచ్చుగా?" అంది భార్య.

"అప్పుడు అసలు పరీక్ష. రిహార్సల్ లేకుండా పరీక్షకు వెళ్లేదెవరే?"

"నేను వెళ్లాను. పాసయ్యాను కూడా."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. సరిగ్గా ఎనిమిదింటికి విజిల్ ఊది, తమ ఫ్లాటు మెయిన్ స్విచ్ కట్టేశారు. అక్వేరియం దీపం ఆరింది, బుడగలు ఆగాయి. చేప కంగారు పడకుండా తొట్టికి దుప్పటి కప్పారు. అన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయన్న సంబరంతో, కొత్తగా కొన్న బ్యాటరీ గాలిపంపు మీట నొక్కారు. అది కిక్కురుమనలేదు.

"నిన్న పగలంతా పరీక్షించాను! ఆరు గంటలు ఏకధాటిగా ఆడింది!"

"అవే బ్యాటరీలా?"

"అవే."

"మరి అయిపోవూ?"

సేఫ్టీగారు ఆవిడ వంక చూశారు, పంపు వంక చూశారు. తర్వాత మొహం వెలిగిపోయింది. "చూశావా! లోపం నంబరు ఒకటి! ఇలాంటివి బయటపడటానికే డ్రిల్ చేసేది!" అని నోటుపుస్తకంలో రాసుకుని, బ్యాటరీల కోసం చెప్పులేసుకుని పరుగెత్తారు. భార్య ఉతికిన బట్టల బకెట్టు తీసుకుని మేడ మీదికి పోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తొట్టిలోకి గాలి పంపే మామూలు పంపు, కరెంటుతో నడిచేది, తొట్టి కింది అరలో ఉంది. అది ఆడినంతసేపూ సన్నటి గొట్టంలోంచి గాలి పైకి వెళ్తుంది. ఆగిందంటే అదే గొట్టంలోంచి నీళ్లు కిందికి దిగుతాయి. అందుకే పంపును తొట్టికన్నా ఎత్తులో పెట్టుకోవాలి. చేపల దుకాణంలో అడిగితే ఈ ముక్క ఎవరైనా చెప్పేవాళ్లు. సేఫ్టీగారు అక్కడ అడిగింది దుప్పటి ఏ రంగుదైతే మంచిదని.

మొదటి కొట్టు తెరవలేదు. రెండో కొట్టులో ఆ సైజు లేదు. మూడో కొట్టు చూసుకుని వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. మెట్ల మీద కింది అంతస్తు టైలరమ్మ కొలతల టేపు మెడలో వేసుకుని ఎదురొచ్చింది.

"సేఫ్టీగారూ! మీ ఇంట్లో పైపు పగిలిందా ఏంటి? మా కప్పులోంచి ధార కడుతోంది! రేపు ఇవ్వాల్సిన కోట్లు ఆరున్నాయి నా దగ్గర!"

"మా ఇంట్లో పైపు పగలదమ్మా. నెలనెలా చెక్ చేస్తాను."

"ఏమో, నేనైతే కిందకెళ్లి బిల్డింగు మొత్తానికి నీళ్ల వాల్వు కట్టేశాను."

"శభాష్! లీకైతే ముందు వాల్వే కట్టాలి. నేను చెప్పిందే కదా?" అని ఆయన మెచ్చుకుని పైకి వెళ్లారు.

హాల్లో అడుగు పెట్టగానే నానిన తివాచీ చపుక్కుమంది. దుప్పటి లాగి చూస్తే తొట్టిలో నీళ్లు బెత్తెడు మిగిలాయి. హెడ్మాస్టరు గులకరాళ్ల మీద పక్కకు ఒరిగి నోరు తెరిచి మూస్తున్నారు.

"ఏమేవ్! నీళ్లు! తొందరగా!"

అప్పుడే మేడ దిగి వచ్చిన భార్య వంటింట్లోకి ఉరికి కొళాయి తిప్పింది. అది గుర్రుమని గాలి వదిలింది. "నీళ్లు రావట్లేదండీ!"

"రావు, వాల్వు కట్టేయించాను కదా!" అంటూ ఆయన మెయిన్ స్విచ్ దగ్గరికి దూకారు. కరెంటు వేస్తే పంపు ఆడుతుందని ఆశ.

"వద్దండీ! కింది అరలో ప్లగ్గుల బోర్డు తడిసి..."

ఢామ్మంది. ఎదురు ఫ్లాటులో పాట ఆగింది. కింద కుట్టుమిషను ఆగింది. బిల్డింగు మొత్తం చడీచప్పుడు లేకుండా అయిపోయింది.

మరుక్షణం తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎదురు ఫ్లాటులో ఉండే సెలూన్ ఆయన సగం గడ్డం నురగతోనే బయటికొచ్చాడు. "చూశారా ఈ కరెంటోళ్ల దౌర్జన్యం! పదింటికని చెప్పి తొమ్మిదికే పీకేశారు! ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తాను!" అన్నాడు. అందరూ అవునన్నారు. సేఫ్టీగారు కూడా అవునన్నారు, కాస్త నెమ్మదిగా.

కానీ అప్పుడు సిగ్గుపడే తీరిక ఆయనకెక్కడిది? స్నానాల టబ్బు తెచ్చి, మిగిలిన నీళ్లతో హెడ్మాస్టరును అందులోకి దించారు. చాలలేదు. సంగతి తెలిసి సెలూన్ ఆయన తాగే నీళ్ల క్యాను భుజానికెత్తుకొచ్చాడు. పై అంతస్తువాళ్లు బిందె తెచ్చారు. టైలరమ్మ వాల్వు తెరుద్దామని వెళ్లి, ఊడిన పిడి చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది. కొత్త బ్యాటరీలు జేబులోంచి మెట్ల మీద జారి, దొర్లి డ్రైనేజీలోకి పోయినట్టు అప్పుడే తెలిసింది.

"మగ్గుతో నీళ్లు తీసి పైనుంచి పోయండి! బుడగలు రావాలి! ఒక్కొక్కరు రెండు నిమిషాలు!" అని సేఫ్టీగారు విజిల్ ఊదారు. కుర్చీ మీంచి ఒకరు దిగగానే ఒకరు ఎక్కారు. టైలరమ్మ వంతులు లెక్కపెట్టింది. "ఇంకా ఎత్తునుంచి, ఇంకా ఎత్తునుంచి!" అని పిల్లలు కేకలు. కాసేపటికి హెడ్మాస్టరు తోక కదిలింది. తర్వాత నిటారుగా లేచి, టబ్బులో ఒక చుట్టు తిరిగి, సెలూన్ ఆయన బొటనవేలిని పరిశీలనగా చూశారు. హాలు హాలంతా చప్పట్లు. సేఫ్టీగారికి పట్టలేని సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి నిజంగా ఒక ప్రాణాన్ని కాపాడారు.

పదకొండుకు పది నిమిషాలుందనగా కరెంటు లైన్‌మన్ టెస్టరు ఊపుకుంటూ వచ్చాడు. "ఫోన్లో అలా తిట్టిందెవరండీ? ఇవాళ మా పనే లేదు. వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. నిన్ననే అందరికీ మెసేజ్ పంపాంగా?"

అందరూ ఫోన్లు తీసి చూసుకున్నారు. మెసేజ్ ఉంది. సేఫ్టీగారు మాత్రం చూసుకోలేదు. అవసరానికి ఛార్జింగు మిగలాలని ఆయన నిన్నటి నుంచే ఫోను ఆపేసి బీరువాలో దాచారు.

"వీధంతా కరెంటుంది. మీ బిల్డింగు ఫ్యూజే ఎగిరిపోయింది. ఎవరింట్లోనో తడి బోర్డుకు కరెంటిచ్చారు. ఎవరా మహానుభావులు?" అన్నాడు లైన్‌మన్.

ఎవరూ నోరు విప్పకముందే గుమ్మంలో పెట్టె దించిన చప్పుడైంది. మామగారు!

ఆయన ఖాళీ తొట్టిని చూశారు. టబ్బును, టబ్బు చుట్టూ చేరిన జనాన్ని చూశారు. సెలూన్ ఆయన మగ్గు వదలకుండానే అందుకున్నాడు. "మీ అల్లుడుగారు దేవుడండీ! ఈ లైన్‌మన్ ఏం చెప్పినా ఇది కరెంటోళ్ల పనే, ఆయనే లేకపోతే చేప మనకు దక్కేది కాదు!"

మామగారి మొహంలో ఆరేళ్లుగా బిగుసుకున్నదేదో సడలింది. వచ్చి అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. సేఫ్టీగారికి ఒళ్లు పులకరించింది. ఇప్పుడాయన చేయాల్సిందల్లా నోరు మూసుకోవడమే. భార్య కూడా కళ్లతో అదే చెప్పింది.

"మామయ్యగారూ," అన్నారాయన, "కరెంటోళ్ల తప్పేం లేదండీ. మొదటిసారి తీసింది నేను, రిహార్సల్ కోసం. రెండోసారి పోయిందీ నా వల్లే. నీళ్లు కారిపోయిందీ నా వల్లే. మీ హెడ్మాస్టరును చంపబోయింది నేను, ఆ తర్వాత కాపాడింది వీళ్లంతా."

"అంటే నా కోట్లు?" అంది టైలరమ్మ.

"అవీ నా వల్లేనమ్మా. నేనే ఆరబెట్టించి, ఇస్త్రీ చేయించి ఇస్తాను."

మామగారు టబ్బు పక్కన చతికిలబడి చేపను చాలాసేపు చూశారు. తర్వాత తల పైకెత్తారు.

"తొట్టిలోంచి తీసి, ఇందులో వేసి, గాలి అందించేసరికి ఎంతసేపు పట్టింది?"

"పదిహేడు నిమిషాల నలభై సెకన్లండీ."

"చూసి పెట్టుకున్నారా?"

"రాసి పెట్టుకున్నానండీ."

మామగారు దిగ్గున లేచారు. "ముప్పై రెండేళ్లు స్టేషన్లో పనిచేశాను. బండి ఆలస్యమైతే ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించేవాడే. తప్పు నాదని చెప్పి, ఎంత ఆలస్యమో సెకన్లతో సహా చెప్పినవాడు ఒక్కడు దొరకలేదు నాకు! ఇన్నాళ్లూ మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను అల్లుడుగారూ!" అల్లుడు మెడలో విజిల్ సర్దుకున్నారు.

"కానీ పదిహేడు నిమిషాలంటే ఘోరం. అయిదుకు తేవాలి," అని మామగారు లైన్‌మన్ వైపు తిరిగారు. "అసలు కరెంటు కోత వచ్చే ఆదివారమని నువ్వనడం మెట్ల మీదే విన్నాను నాయనా. ముందు ఆ ఫ్యూజు వెయ్యి. అమ్మాయీ, నేనీ వారమంతా ఇక్కడే ఉంటాను. రోజుకు రెండు రిహార్సళ్లు. మొదటిది ఇప్పుడే!"

సెలూన్ ఆయనకు హఠాత్తుగా తన గడ్డం గుర్తొచ్చింది. పై అంతస్తువాళ్లు ఖాళీ బిందె ఎత్తుకుని మెట్లెక్కారు. టైలరమ్మ మాత్రం కిందికి దిగి, కుట్టుమిషను మీద గొడుగు విప్పి పెట్టుకుంది.