తొలకరికి తడవని కెమెరా

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఫోటోగ్రాఫర్ల సంఘం ఉండేది. అడవిలోకి కెమెరాలు ఎలా వచ్చాయని అడక్కండి. సెల్‌ఫోను టవరు ఎలా వచ్చిందో అవీ అలాగే వచ్చాయి.

సంఘానికి కొండ కింద మంచి గుహ ఒకటి ఉంది. ప్రతి ఆదివారం సభ్యులంతా కెమెరాలు మెడలో వేసుకుని అక్కడ చేరి, పొద్దు వాలేదాకా కూర్చునేవారు. ఎవరి కెమెరా గొప్పది, ఎవరి లెన్సు పదునైనది, ఎవరిది దుమ్ముకి ఆగుతుంది, ఎవరిది మంచుకి ఆగుతుంది, ఇవే మాటలు. తీసిన ఫోటోల మాట మాత్రం ఎవరూ ఎత్తేవారు కారు. అది మర్యాద కాదు.

సంఘానికి అధ్యక్షుడు ఎలుగుబంటి జుంజురయ్య. ఒంటినిండా బొచ్చు, బుర్రనిండా లెన్సులు. ఆయన ఫోటోలు తీయలేదంటే కళ్ళు పోతాయి. బోలెడు తీశాడు. కాకపోతే అన్నీ చెదపుట్టవే. లెన్సు పదును తేలాలంటే పుట్టని మించిన వస్తువు లేదనీ, ఆ గరుకు మీద దాని బండారమంతా బయటపడుతుందనీ ఆయన సిద్ధాంతం.

చిక్కల్లా ఒక్కటే. ఒక లెన్సుతో ఫోటో తీశాక ఆయనకి ఆకలేసేది. పుట్ట తవ్వుకుని చెదలు తినేసేవాడు. రెండో లెన్సుతో పోల్చి చూద్దామంటే అక్కడ పుట్ట ఉండేది కాదు. అందుకని ఏ లెన్సు మంచిదో ఆ అడవిలో ఎప్పటికీ తేలలేదు. తేలనందువల్లే సంఘం ఇన్నాళ్ళు నిలబడిందని తెలిసినవాళ్ళు అంటారు.

ఉపాధ్యక్షుడు కొంగ పరంజ్యోతి. నోట్లో ఎప్పుడూ ధర్మం, కంట్లో ఎప్పుడూ చేప. ఆయన దగ్గర ఆయన మెడకన్నా పొడుగు లెన్సు ఉండేది. కోతి కిష్టప్ప రుతువుకో కంపెనీ మార్చేవాడు. కొత్త కెమెరా చేతికి రాగానే ముద్దులు పెట్టుకునేవాడు. నాలుగు రోజులు పోయాక "ఏంటోనండీ, దీన్లో రంగులు బాగోవు" అంటూ పక్క కొమ్మ మీదివాళ్ళ కెమెరా వైపు చూసేవాడు. ఇక తాబేలు ఆచారి రీలు కెమెరా వదల్లేదు. కుర్రతనంలో వేసిన రీలు ఇంకా అందులోనే ఉంది. సరైన వెలుతురు కోసం చూస్తున్నానని చెప్పేవాడు.

రోళ్ళు పగిలే ఎండల్లో ఒక ఆదివారం ఈ గుహకి నెమలి నీలకంఠం వచ్చాడు. జుంజురయ్యకి చిన్ననాటి స్నేహితుడు. ఏటా మృగశిర కార్తెలో తొలకరి పడగానే కొండబండ ముందున్న మైదానంలో నీలకంఠం పురి విప్పి ఆడడం ఆ అడవి ఆనవాయితీ. ఆ ఆట చూడనిదే గడ్డి కూడా మొలవదని జింకలు చెప్పుకునేవి.

"ఒరే జుంజురా, ఇదే నా ఆఖరి ఆట" అన్నాడు నీలకంఠం ఆయాసపడుతూ. "మోకాళ్ళు పట్టేశాయి. పింఛం చూశావుగా, పాత చీపురులా తయారైంది. వచ్చే ఏడు ఆడలేనురా."

"ఊరుకో, నీకేం వయసైందని" అన్నాడు జుంజురయ్య.

"నాకు అబద్ధాలు వద్దు, ఒక ఫోటో కావాలి. మా కోడలు గుడ్ల మీద కూర్చుంది. అవి పిల్లలయ్యేసరికి నా ఆట అయిపోతుంది. మీ తాత ఒకప్పుడు ఆడేవాడని చెబితే రేపు ఎవరు నమ్ముతారు? చూపించడానికి చేతిలో ఒక్కటైనా ఉండాలి కదట్రా. ఇన్ని కెమెరాలున్న స్నేహితుడివి, నిన్ను కాక ఎవర్ని అడగను?"

జుంజురయ్య కళ్ళు చెమర్చాయి. నటన కాదు, నిజంగానే చెమర్చాయి. "నా కెమెరా మీద ఒట్టు. ఈ తొలకరికి నీ ఫోటో తీసి తీరతాను" అన్నాడు. ఆ సంఘంలో అంతకు మించిన ఒట్టు లేదు.

నీలకంఠం అటు వెళ్ళాడో లేదో, ఇటు గొడవ మొదలైంది. మైదానం తేరిపార కనబడేది కొండబండ మీంచే. దాని మీద ఒక్కరికే చోటు. ఎక్కేది ఎవరు?

"పొడుగు లెన్సు ఉన్నవాడు ఎక్కడం ధర్మం. నా గురించి నేను చెప్పుకోకూడదు గాని, ఉన్నది నాకే" అన్నాడు పరంజ్యోతి.

"సీనియారిటీ ప్రకారం నేను" అన్నాడు ఆచారి. "ఇవాళ బయల్దేరితే కార్తె నాటికి ఎక్కేస్తాను."

"మీరిద్దరూ తేల్చుకోండి, ఈలోగా నేను ఎక్కి కూర్చుంటాను" అన్నాడు కిష్టప్ప.

"నీలకంఠం నా స్నేహితుడు, మాట ఇచ్చింది నేను, నన్ను తీయనివ్వండి" అని జుంజురయ్య ఒక్క ముక్క అనుంటే సరిపోయేది. ఎవరూ కాదనేవారు కారు. కానీ అధ్యక్షపీఠం మీద కూర్చున్నవాడికి సూటిగా అడగడం నామోషీ. తీర్మానం పెడితేగాని ముద్ద దిగదు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "వ్యక్తులు ముఖ్యం కాదు, ప్రమాణాలు ముఖ్యం. తీయబోయేది వానలో. కనక వానకి తట్టుకునే కెమెరా ఎవరిదైతే బండ వారిది. నాదైనా సరే, ఇంకొకరిదైనా సరే."

ఇందులో ఒక మెలిక ఉంది. జుంజురయ్య కెమెరా పెట్టె మీద నీటిచుక్క బొమ్మ అచ్చువేసి ఉంది. పరంజ్యోతి లెన్సు చల్లగాలి తగిలితే లోపల మసకేస్తుందన్న సంగతి కూడా ఆయన ఎప్పుడో పసిగట్టాడు.

"తట్టుకుంటుందని తేల్చేదెవరు?" అన్నాడు పరంజ్యోతి అనుమానంగా.

"ఏనుగుగారిని పిలిచి తొండంతో నీళ్ళు చిమ్మిస్తే?" అన్నాడు కిష్టప్ప.

"అది వానెలా అవుతుంది? స్నానం అవుతుంది" అన్నాడు ఆచారి.

అక్కణ్ణించి చర్చ ముదిరింది. చినుకు అంటే ఎంత, జల్లు అంటే ఎంత, ఏటవాలుగా పడే వానని లెక్కలోకి తీసుకోవాలా, వడగళ్ళు వానలో భాగమా, కొమ్మ మీంచి కారేది వాన కిందికి వస్తుందా రాదా. చివరికి తొలకరి వానే పరీక్ష అని తేల్చారు. వాన పడగానే అందరూ బండ దగ్గర కెమెరాలు బయటికి తీయాలి. ఎదుటివాడిది మసకేస్తే తన కెమెరాతో దానికి సాక్ష్యం తీయాలి. ఆఖరుకి మసకేయనిది ఎవరిదో వాళ్ళు బండెక్కి నెమలిని తీయాలి.

"పకడ్బందీగా ఉంది" అన్నారు అంతా. అంత పకడ్బందీలో వాన ఆగిపోతే ఎలాగన్న ప్రశ్నకి చోటు మిగల్లేదు.

మృగశిర వచ్చింది. మబ్బులు కమ్ముకున్నాయి. మట్టివాసన రేగింది. సంఘమంతా కొండబండ దగ్గర చేరింది. జుంజురయ్య కెమెరాకి మోదుగాకులు చుట్టుకొచ్చాడు. పరంజ్యోతి తామరాకు కప్పుకొచ్చాడు. కిష్టప్ప ఎవరో పర్యాటకుడు పారేసిన చిప్స్ సంచిలో దూర్చి తెచ్చాడు. ఆచారి కెమెరాని డిప్పలోకి లాక్కుని, తల మాత్రం బయట పెట్టాడు.

చినుకులు మొదలయ్యాయి.

"విప్పండి, ఉపాధ్యక్షా" అన్నాడు జుంజురయ్య.

"అబ్బెబ్బే, అధ్యక్షులు ముందు. పెద్దరికం ఉంది కదా" అన్నాడు పరంజ్యోతి.

"వానకి తట్టుకుంటుందన్నారుగా, మరి తడపడానికి భయం దేనికండీ?" అన్నాడు కిష్టప్ప, తన సంచి ఇంకా గట్టిగా పట్టుకుని.

ఈ మర్యాదలు సాగుతుండగానే మైదానంలోకి నీలకంఠం వచ్చాడు. బండకేసి ఒకసారి చూసి, ఒళ్ళు జాడించి, పురి విప్పాడు.

పాత చీపురన్నాడే గాని, వాన తగిలేసరికి పింఛంలో ఒక్కో కన్నూ తెరుచుకున్నట్టు మెరిసింది. మోకాళ్ళ నొప్పుల సంగతి కాళ్ళు మరిచిపోయాయి. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ఆటే. అయినా జుంజురయ్యకి గుండె ఝల్లుమంది. తనకే తెలియకుండా మోదుగాకులు పీకి పారేసి, కెమెరా కంటికి ఆనించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కిష్టప్ప అరిచాడు. "మసక! కొంగగారి లెన్సు మసకేసింది!"

గాలికి తామరాకు కాస్తా ఎగిరిపోయింది. పొడుగు లెన్సు అద్దం మీద తెల్లటి పొర నిలబడింది.

"మసకేం కాదు, నా ఊపిరి తగిలింది" అని పరంజ్యోతి రెక్కతో తుడవబోయాడు.

"తుడవద్దు! తుడిస్తే సాక్ష్యం పోతుంది" అన్నాడు ఆచారి.

జుంజురయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. అటు స్నేహితుడు, ఇటు సాక్ష్యం. 'ఒక్కటి తీస్తే చాలు' అనుకున్నాడు. 'ఇది రుజువైతే బండ నాది. అప్పుడు హక్కుగా, ఎవరూ నోరెత్తకుండా నీలకంఠాన్ని తీస్తాను.' కెమెరా కొంగ వైపు తిప్పి నొక్కాడు.

తీసింది పెద్దది చేసి చూసుకున్నాడు. అంచు కొంచెం పదును తగ్గి మెత్తగా వచ్చింది. పుట్టల మీద పెరిగిన కన్ను, ఊరుకుంటుందా? ఇంకొకటి తీశాడు. పరంజ్యోతి మెడ అడ్డం పెట్టి, మైదానం వైపు వెనక్కి జరిగాడు. ఇంకొకటి. అటు పరంజ్యోతి మసక లెన్సుతోనే జుంజురయ్య కెమెరాని తీస్తున్నాడు. కిష్టప్ప ఇద్దర్నీ తీస్తున్నాడు. ఆచారి వెలుతురు చాలదంటున్నాడు. చివరికి జుంజురయ్యకి కావలసినట్టు వచ్చింది. మసకా, దాని మీద నీటిబొట్లూ లెక్కపెట్టుకునేంత పదునుగా పడ్డాయి.

"గెలిచాను!" అని ఒక్క ఊపున బండెక్కి మైదానం వైపు తిరిగాడు.

వాన వెలిసింది. తొలకరి ఎవరి తీర్మానం కోసం ఆగుతుంది? నీలకంఠం పురి ముడుచుకుని, రొప్పుతూ, తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"తీశావుట్రా?" అన్నాడు.

"ఆఁ" అన్నాడు జుంజురయ్య.

"ఎంతసేపూ నీ మెడ అటే తిరిగుందేం?"

"అదా... సెట్టింగులు" అన్నాడు జుంజురయ్య. కెమెరాని వీపు వెనక్కి దాచుకున్నాడు.

సాక్ష్యాల పరిశీలనకి సంఘం ఆదివారాల మీద ఆదివారాలు తీసుకుంది. ఈలోగా వానాకాలం ముదిరింది. గుడ్లు పిల్లలయ్యాయి. చివరికి గుహలో తెర కట్టి, జుంజురయ్య తీసిన ఫోటో వేసి, బండ ఆయనదేనని తేల్చారు. పరంజ్యోతి నిరసనగా రాజీనామా చేసి, ఫలహారాలు వచ్చాక వెనక్కి తీసుకున్నాడు. చప్పట్లు మోగుతుండగా గుమ్మంలో నీలకంఠం కనిపించాడు. పక్కన మనవరాలు బుల్లెమ్మ, ఇంకా తలమీద కుచ్చు కూడా సరిగా రాలేదు.

"ఏదిరా నా ఫోటో? దీనికి చూపిద్దామని తీసుకొచ్చాను" అన్నాడు నీలకంఠం.

అందరి కళ్ళూ తెర మీదికి తిరిగాయి. తెర మీద కొంగగారి లెన్సు ఏనుగంత ఉంది. మసకా, బొట్లూ, పక్కనే రెక్క మీద ఈకా ఈకా కనబడుతున్నాయి. దాని వెనకాల నీలంగా, పచ్చగా ఏదో అలికినట్టుంది.

కిష్టప్పే ముందు తేరుకున్నాడు. "నీలకంఠంగారూ, ఇందులో మీరూ ఉన్నారండీ! వెనకాల చూశారా? వెన్నలా కరిగిపోయారు. అలా కరిగించాలంటే మాటలు కాదు, లెన్సులో దమ్ముండాలి."

"రీల్లో అయితే ఇంకా కరిగేవారు" అన్నాడు ఆచారి.

"ఓడినవాణ్ణి, అయినా ధర్మం చెప్పాలి" అన్నాడు పరంజ్యోతి. "వెనకాల ఇంత మెత్తగా పోయిన ఫోటో నేనెన్నడూ చూడలేదు."

బుల్లెమ్మ మెడ చాచి వెతికింది. "తాతా, నువ్వేదీ?"

"అదుగోనమ్మా, ఆ వెనకాల పచ్చగా ఉందే..."

"అది పాచి కదా తాతా?"

నీలకంఠం కాసేపు తెరకేసి చూశాడు. "ఒరే జుంజురా, కొంగగారి డబ్బా మాత్రం అచ్చు గుద్దినట్టొచ్చిందిరా" అని, మనవరాల్ని తీసుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

తిట్టినా బాగుండేది. జుంజురయ్యకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చాలా రోజులు చెదలు కూడా సయించలేదు. సంఘం మాత్రం ఆ ఫోటోకి ఆ ఏటి మొదటి బహుమతి ఇచ్చింది.

మళ్ళీ మృగశిర వచ్చింది. తొలకరి పడింది. బండ మీద జుంజురయ్య ఒక్కడే నిలబడ్డాడు. హక్కుగా, ఎవరూ నోరెత్తకుండా. కెమెరా మీద వాన ధారలు కడుతోంది, లోపలికి చుక్క దిగలేదు. ఎదురుగా మైదానం ఖాళీగా ఉంది. దాని మధ్య ఒక కొత్త చెదపుట్ట లేచి ఉంది.

చాలాసేపు చూసి, ఆ పుట్టని ఒక ఫోటో తీశాడు. అంచులు అద్భుతంగా వచ్చాయి. ఆ పూట పుట్టని ముట్టుకోలేదు.

పక్కనే మద్దిచెట్టు కొమ్మ మీద బుల్లెమ్మ అడుగుతోంది. "తాతా, ఆ ఎలుగుతాత వానలో ఏం తీస్తున్నాడు?"

"నన్నేనమ్మా" అన్నాడు నీలకంఠం.

నీతి: వెనకాల ఎవరున్నారో తెలియనివ్వకపోవడమే మంచి లెన్సుకి గుర్తు.