నల్లబడిన పట్టీల కేసు

"బావా, ఈ దేశంలో అసలైన డిటెక్టివులు ఇద్దరే. ఆ రెండోవాడెవడో నాకింకా తెలీలేదు," అన్నాడు నాగేంద్రబాబు, బండి వెనక కూర్చుని నల్ల కళ్ళద్దాలు సర్దుకుంటూ.

బండి నడుపుతున్న ప్రదీప్ గేరు మార్చాడు. బండి అతనిదే, పెట్రోలు అతనిదే, చివర్లో జరిగే అవమానంలో పెద్ద వాటా కూడా అతనిదే. పోయినసారి తప్పిపోయిన మేకపోతును వెతకబోయి, దాని యజమానినే దొంగగా పట్టుకున్నాడు ఈ మహానుభావుడు. ఊరు ఊరంతా తరిమితే ఇద్దరూ హరిశ్చంద్రపురం రైలు స్టేషన్ దాకా పరిగెత్తారు. ఏం చేస్తాం, చెల్లెలి మొగుడాయె.

నాగేంద్రబాబుకి పలాసలో చిన్న సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కార్డు మీద మాత్రం "నేర పరిశోధన, నిజ నిర్ధారణ, పాత ఫోన్లు కొనబడును" అని అచ్చు వేయించుకున్నాడు. ఆ దుకాణం ముందు చేపలమ్మే సూరమ్మ పొద్దున్నే కళ్ళొత్తుకుంటూ తన గోడు చెప్పుకుంది. కూతురు సంతోషికి కాబోయే అల్లుడు పెట్టిన వెండి పట్టీలు నల్లబడ్డాయి. అవి దొంగ వెండి అని మొగుడు ఈశ్వరరావు పెళ్ళే వద్దంటున్నాడు. ఎవరైనా అయితే అయ్యో పాపం అంటారు. నాగేంద్రబాబు మాత్రం "అంతర్రాష్ట్ర నకిలీ వెండి ముఠా!" అని కేకపెట్టి దుకాణం మూసేశాడు.

కవిటి దాటి, కొబ్బరి తోటల్లోంచి సముద్రపు ఒడ్డుకు చేరేసరికి ఈశ్వరరావు ఇంటి ముందు గొడవ ముదిరి ఉంది.

"ఏడాదంతా గుజరాత్ వేరావల్‌లో చేపల బోటెక్కి, ఆ డబ్బుల్తో కొన్నాను మావా. సత్తు పట్టీలు ఎందుకు తెత్తాను?" అంటున్నాడు పెళ్ళికొడుకు కామేశ్.

"తెచ్చినావు కాదేటి? తెల్లగా ఉన్నవి నెల తిరక్కుండా బొగ్గయిపోనాయి. రేపు నా గుంట సంతోషి బతుకూ ఇలగే అయిపోద్ది," అన్నాడు ఈశ్వరరావు.

సంతోషి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ప్రదీప్‌కి తన్నులు తినే కేసులు అలవాటే కానీ, ఆడపిల్ల ఏడ్చే కేసు ఇదే మొదటిది.

నాగేంద్రబాబు పట్టీలు అందుకుని గొంతు సవరించుకున్నాడు. "పదార్థంలో మార్పులు రెండే! మంచుగడ్డ కరిగి నీళ్ళవుద్ది, మళ్ళీ గడ్డ కడద్ది. సరుకు అదే, వేషం వేరు. అది భౌతిక మార్పు. కట్టె కాలి బూడిదవుద్ది. సరుకే మారిపోయింది, ఇంక వెనక్కి రాదు. అది రసాయన మార్పు. ముద్దాయి ఈ రెంటిలో ఒకదాని వెనకాల నక్కున్నాడు!"

"ఏ ముద్దాయి బావా?"

"తొందరపడకు. వాడికీ ఇంకా తెలీదు."

జేబురుమాలుతో పట్టీని పరపరా రుద్దాడు. నలుపు వదల్లేదు. "పైన పూసిన రంగు కాదు. అంటే రసాయన మార్పే! అసలైన వెండికి రసాయన మార్పు రాదు. కాబట్టి ఇది వెండి కాదు! కామేశ్, పారిపోవాలని చూడకు. నీ చుట్టూ సముద్రం ఉంది."

"ఒక పక్కే ఉంది బాబూ," అన్నాడు కామేశ్ నీరసంగా.

"ఇంకేటి, పెళ్ళి నేదు," అంటూ లేచాడు ఈశ్వరరావు. సంతోషి వెక్కివెక్కి ఏడ్చింది.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఇంకొక్కమాటు చూడు," అని బతిమాలాడు ప్రదీప్.

"అయితే అగ్నిపరీక్ష! దొంగ సరుకైతే కరిగి కారిపోద్ది."

వాళ్ళకంటే ముందే బస్సులో ఇల్లు చేరిన సూరమ్మ వాకిట్లో పొయ్యి మీద పాత అల్యూమినియం సత్తు డేక్సాలో సెనగలు ఉడకేస్తోంది. ఉప్పేసి, తొందరగా ఉడుకుతాయని తినే సోడా కూడా దండిగా గుమ్మరించింది. నాగేంద్రబాబు ఒక పట్టీని పట్టకారుతో మంటలో పెట్టాడు. కాసేపయ్యాక, కరిగిందో లేదో చూద్దామని రెండో కొసను వేళ్ళతో పట్టుకున్నాడు.

ఆ కేక విని ఒడ్డున కుక్కలు మొరిగాయి. పట్టీ గాల్లోకి ఎగిరి సలసల మరుగుతున్న డేక్సాలో పడింది.

సూరమ్మ గరిటెతో దేవులాడింది. సెనగలొస్తున్నాయి తప్ప పట్టీ రాదు. ఈలోగా మురిగిన గుడ్డు కంపు గుప్పున లేచింది. చివరికి గరిటెకు చిక్కి పైకొచ్చిన పట్టీని చూసి అందరూ నోళ్ళు తెరిచారు. అది తెల్లగా తళతళలాడుతోంది. నాగేంద్రబాబు దగ్గర మిగిలిన రెండో పట్టీ మాత్రం బొగ్గులాగే ఉంది.

"ఇదేటి ఇసిత్రం!" అన్నాడు ఈశ్వరరావు.

సూరమ్మ ముక్కు చిట్లించింది. "టపాకాయలు కాలిస్తే ఇలగే కంపొత్తాది..." అంటూనే టక్కున ఆగిపోయింది. "ఓలమ్మా! పట్టీలు దాసింది ఆ డబ్బాలోనే కదేటి! ఊరేగింపుకని కొన్న టపాకాయల డబ్బా. దొంగలెవులూ అందులో సూడరని!"

ఇంటర్‌లో సైన్సు చదివిన సంతోషి కళ్ళు తుడుచుకుంది. "నాన్నా, టపాకాయల్లో గంధకం ఉంటాది. అది అంటుకుని వెండి పైపొర నల్లబడింది. రసాయన మార్పే, కానీ అసలైన వెండికే అలగవుద్ది. ఇప్పుడు ఉప్పూ సోడా నీళ్ళలో ఆ గంధకం వెండిని ఒగ్గేసి డేక్సా సత్తుని, అదే అల్యూమినియాన్ని, పట్టుకుంది. ఇదీ రసాయన మార్పే. మంచుగడ్డలాగ దానంతటది వెనక్కి రాదు గానీ, ఇంకో మార్పు పెట్టి వెనక్కి తేవచ్చు."

"నేను చెప్పబోయింది అదే," అన్నాడు నాగేంద్రబాబు వేలు ఊదుకుంటూ.

సూరమ్మ రెండో పట్టీని కూడా లాక్కుని డేక్సాలో వేసింది. అదీ తెల్లబడి వచ్చింది. సెనగలు మాత్రం పారబోయాల్సి వచ్చింది. కామేశ్ పట్టీలు తుడిచి సంతోషి చేతిలో పెట్టి, ఈశ్వరరావు వైపు తిరిగాడు.

"ఇప్పుడు సెప్పు మావా. ఇంకా సత్తేనా?"

ఈశ్వరరావు తల దించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సత్తేరా అల్లుడా. పట్టీలు కాదు, నా బుర్ర," అంటూ కామేశ్ భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు.

తిరిగొస్తూ నాగేంద్రబాబు, డేక్సాలోకి పట్టీని తాను గురిచూసి విసిరిన వైనం దారి పొడుగునా వర్ణించాడు. ప్రదీప్ మధ్యమధ్య వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ఎవరూ తరుముకు రావడం లేదు. మొట్టమొదటిసారి బావ చెప్పిందానికల్లా సంతోషంగా ఊఁ కొట్టాడు.