నాలుగువందల పదిహేడో నెంబరు ఫ్లాస్కు

ఆ ఆదివారం పొద్దున పైడిబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్టీలు ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని, తాముండే భుయ్యాడీహ్ నుంచి ఆటోలో తెలుగు సంఘం హాలుకు వెళ్ళాలి. అక్కడ "నేను విన్న కచేరీ" అని అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత "ఉద్యోగకాలంలో ఒక్క నాగా లేని కార్మికుడు" అంటూ సంఘం వాళ్ళు కప్పే శాలువా కప్పించుకోవాలి. పులిహోర తిని మధ్యాహ్నం కునుకు వేళకు ఇల్లు చేరాలి. ఇందులో చెడిపోవడానికేముంది చెప్పండి?

కచేరీ జ్ఞాపకమంటే పైడిబాబుకు ప్రాణం. ముప్పై ఆరేళ్ళ కిందట సీతారాండేరా మైదానంలో మద్రాసు గాయని ఒకావిడ రెండు రోజులు పాడింది. మూడో పాటలో ఆవిడ గొంతు పట్టేసింది. ముందు వరసలో ఉన్న పైడిబాబు లేచి, తన ఫ్లాస్కులోని వేడినీళ్ళు స్వయంగా అందించాడు. ఆవిడ తాగింది, పాడింది, జనం ఈలలు వేశారు. అంతటితో అయిందా? మర్నాడు ఆ ఫ్లాస్కును మనిషి చేత అతను నడిపే క్రేను దగ్గరికే పంపింది!

అతను పనిచేసిన రేకుల కంపెనీలో ప్రతివాడూ గిన్నె మీదా గ్లాసు మీదా పేరు కొట్టించుకునేవాడు కాదు, కంపెనీ ఇచ్చిన టికెట్టు నెంబరు కొట్టించుకునేవాడు. ఫ్లాస్కు అడుగున ఉన్న 417 చూసి, ఆ మహాతల్లి వాకబు చేసి మరీ పంపిందని పైడిబాబు నమ్మకం. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ గొంతు బొంగురుపోయేది. ఈ కథ వినని గోడ భుయ్యాడీహ్‌లో లేదు.

కాఫీ తాగుతూ ఫోన్ చూసుకుంటే సంఘం గ్రూపులో సూర్యం గొంతు వినిపించింది. సూర్యమంటే సిద్ధగోరాలో ఉండే పాత నేస్తం, అదే కంపెనీలో అదే క్రేను మీద పనిచేసినవాడు.

"ఇప్పుడు కంపెనీయే మూతడిపోనాది కాబట్టి దైర్నంగా సెప్తన్నాను. ఆ కచేరీలో పాటలావిడికి వేడినీళ్ళిచ్చింది నాను! ఈ సేతుల్తోనే ఇచ్చినాను!"

పైడిబాబుకు ఒళ్ళు మండిపోయింది. మనిషన్నవాడికి ఉన్నదే ఒక్క ముచ్చట, దానికి కూడా దొంగ తయారయ్యాడా! కాఫీ గ్లాసు ఠపీమని పెట్టి, ఫోన్‌లో మైకు నొక్కి పెట్టి అరిచాడు.

"ఒరే సూర్యం! సిగ్గు నేదేట్రా నీకు? ఆ శనివారం సాయంత్రం నా బి షిఫ్టుకి నా బదులు నువ్వు క్రేనెక్కినావు కాదేటి? నాను కచేరీలో ఉన్నాను, నువ్వు క్రేను మీద ఉన్నావు. మరి నువ్వు నీళ్ళెలాగిచ్చినావురా అబద్దాలకోరా!"

హిందీ బడిలో చదివే మనవరాలు ప్రియ నెత్తి పట్టుకుంది. "తాతా, యే క్యా కియా? పూరే గ్రూప్ మే చలా గయా!"

"గ్రూపంతటికీ ఎల్లనీ! అందరూ ఇనాల!"

"ఔర్ ఆజ్ శాల్ కిస్ బాత్ కా మిల్ రహా హై?"

శాలువా ఎందుకిస్తున్నారో అప్పుడు గుర్తొచ్చింది పైడిబాబుకు. ఒక్క నాగా లేనందుకు. అదిచ్చే ముఖ్య అతిథి ఎవరో కాదు, ఆనాటి ఫోర్‌మెన్ గౌరీశంకర్. ఆయనా ఆ గ్రూపులోనే ఉన్నాడు. గభాలున తుడిచేయబోతే ఏదో నొక్కుకుని, అదే మాట పక్కింటివాళ్ళ గ్రూపుకు కూడా వెళ్ళింది.

వంటింట్లోంచి భార్య నూకమ్మ గరిటెతో సహా వచ్చింది. "శనివారమా? కచేరీకి ఎల్లింది ఆదివారం, నీ సెలవు రోజున అన్నావు కదా ఇన్నాళ్ళూ?"

"ఏదో రోజులే, వదిలీయే."

"ఏటి వదిలీడం! శనివారం సాయంత్రమే కదా మా తమ్ముడి నిశ్చితార్థం? 'నాను నేకపోతే క్రేనాగిపోద్దే, ఫోర్‌మెన్ వదల్డం లేదే' అని నన్నొక్కదాన్నీ పంపినావు! మా అమ్మ నీకోసం గారెలు దాసి ఉంచింది తెలుసా?"

"ఇప్పుడా గారెల గొడవేటి?"

"నడు. నానూ వత్తాను. ఆ శాలువా ఎలా కప్పుతారో నానూ సూడాల."

గోడ గడియారం పది కొట్టింది. "ఉత్తమ బి షిఫ్టు" అని అక్షరాలున్న గడియారమది. కచేరీ జరిగిన నెలలో కంపెనీవాళ్ళు షిఫ్టులో అందరికీ తలా ఒకటి ఇచ్చారు.

హాలంతా నిండిపోయింది. వేదిక మీద గౌరీశంకర్ మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన సంఘం కార్యదర్శి బాలకుమారి టీచరు శాలువాను మడత విప్పాలో వద్దో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

గౌరీశంకర్ మైకు లాక్కున్నాడు. "పైడిబాబూ, లే! నా షిఫ్టులో దొంగ డ్యూటీయా? నీకు నాగా లేదని నేను సంతకం పెట్టాను కదయ్యా! నా సంతకానికి విలువ లేదా?"

"తప్పే సార్. శాలువా వద్దు, ఒగ్గీండి. కానీ నీళ్ళిచ్చింది మాత్రం నానే!"

మూడో వరసలోంచి సూర్యం లేచాడు. "నానే! క్రేను మీదుంటే పాటలు ఎలాగినబడతాయి? అందుకే ఎల్లినాను."

"నా బదులు ఎక్కుతానని ఒట్టేసినావు కదరా!"

"ఎక్కినాను. దిగినాను. ఎక్కితే దిగకూడదని ఎక్కడుంది?"

"ఇద్దరూ నోరు ముయ్యండి!" గౌరీశంకర్ బల్ల గుద్దాడు. "ఇంత అన్యాయమా? ముందు వరసలో మీరిద్దరూ ఎక్కడున్నారయ్యా? ముందు వరసలో కూర్చున్నది నేను! లేచి ఆవిడకు నీళ్ళిచ్చింది నేను! ముప్పై ఆరేళ్ళుగా నేను దాచుకున్న జ్ఞాపకాన్ని మీరు ఊరంతా పంచుకు తింటున్నారు!"



బాలకుమారి మెల్లగా అడిగింది. "సార్, ఆ శనివారం మీదీ బి షిఫ్టే కదండీ?"

గౌరీశంకర్ మైకును దూరం జరిపాడు. "కాసేపే అనుకుని వెళ్ళానమ్మా. వెనకనుంచి ఎవరో ఫ్లాస్కు అందించారు. నేను పైకిచ్చాను."

"ఆ! నాకూ ఎనకాల నుంచే వచ్చింది," అన్నాడు సూర్యం. "నాను ముందుకిచ్చినాను."

అందరి తలలూ పైడిబాబు వైపు తిరిగాయి. నూకమ్మ అడిగింది. "నువ్వు ఏ వరసలో కూకున్నావు?"

"ఎనిమిదో వరస."

"సరిగ్గా సెప్పు."

"పన్నెండు," అన్నాడు పైడిబాబు. వెంటనే రోషం పొడుచుకొచ్చి ఫ్లాస్కు బోర్లించి అందరికీ చూపించాడు. "వరస ఏదైతే ఏటి? ఫ్లాస్కు నాది! నాలుగొందల పదిహేడు! ఆ తల్లి ఈ నెంబరు సూసి, నన్ను ఎతికించి, సోమవారం నా క్రేను కాడికి పంపింది! అది అబద్దమేటి?"

"ఆవిడెక్కడ పంపిందయ్యా!" గౌరీశంకర్ విసుక్కున్నాడు. "కచేరీ అయ్యాక ఫ్లాస్కు వేదిక కింద దొర్లుతుంటే నెంబరు చూశాను. 417 నువ్వని నాకు తెలీదా? నువ్వు డ్యూటీలో లేవని ఆ క్షణమే తెలిసింది. అడిగితే, మీకెలా తెలిసింది సార్ అంటావు. అందుకని సోమవారం పొద్దున్నే వచ్చి నీ క్రేను మెట్టు మీద పెట్టి, నోరు మూసుకున్నాను."

పైడిబాబు కూలబడ్డాడు. శాలువా పోయినందుకు కాదు, నాగా బయటపడినందుకూ కాదు. ముప్పై ఆరేళ్ళుగా గొంతు బొంగురుపోయింది ఈ ఫోర్‌మెన్ కోసమా! ఆ అవమానం అతనికి భరించరానిదిగా ఉంది.

నూకమ్మ మాత్రం ఇంకోటి ఆలోచిస్తోంది. "అయితే బాబూ, మీరు ముగ్గురూ కచేరీలో ఉంటే, ఆ సాయంత్రం క్రేను మీద ఎవులున్నారు?"

సూర్యం చెవి గోక్కున్నాడు. "ఎవులూ లేరొదినా. మర్నాడు నానే రిజిస్టరు రాసీసినాను, సార్ సంతకమెట్టీసారు. అనుమానం రాకుండా పని కాస్త ఎక్కువే అయినట్టు రాసినాను."

"ఎంతెక్కువ?"

"గడియారం వచ్చేటంత."

బాలకుమారి శాలువాను మళ్ళీ మడత పెట్టింది. పులిహోర తినకుండానే నూకమ్మ లేచి ఇంటి దారి పట్టింది. వెనకాలే పైడిబాబు "అసలు నీళ్ళు కాచింది నానే కదా!" అని దారిపొడుగునా ఆటోవాడితో వాదిస్తూ వచ్చాడు.

ఆ సాయంత్రమే "ఉత్తమ బి షిఫ్టు" గడియారం గోడ దిగి, ముప్పై ఆరేళ్ళు ఆలస్యంగా, నూకమ్మ తమ్ముడి నిశ్చితార్థానికి బహుమతిగా వెళ్ళింది.