క్యాంపుకో కొండచిలువ

ప్రతి లేబర్ క్యాంపులోనూ ఒక కొండచిలువ ఉండి తీరాలి! నవ్వకండి. ఏసీ పనిచేయకపోతే తడిగుడ్డ కప్పుకుని పడుకుంటాం. నీళ్లు రాకపోతే పక్క బ్లాకుకి బకెట్ పట్టుకెళ్తాం. కొండచిలువ లేకపోతే మాత్రం దుబాయ్‌లో పనులు కావు. అనుభవం మీద చెబుతున్నాను.

నా పేరు రామచంద్రరావు. మాది నెల్లూరు. జెబెల్ అలీలో ఒక కంపెనీ హెచ్చార్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా క్లర్కుని. మా క్యాంపులో ఎనిమిది వందల మంది ఉంటారు. వాళ్ల అర్జీలన్నీ నా టేబుల్ మీదుగానే మేనేజరు గదిలోకి వెళ్లాలి. ఆ మేనేజరుని ఇక్కడ అందరూ ముదీర్ అంటారు. నేను ముదీర్ గారు అంటాను. ఉద్యోగం కావాలి కదా!

రెండు వేల ఆరు ఫిబ్రవరిలో ముదీర్ గారు ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చారు. కార్మికుడు మందకొడిగా పనిచేయడానికి కారణం స్ట్రెస్ అని అక్కడ తేలిందట. పన్నెండు గంటల షిఫ్టు కాదు, గదికి పన్నెండు మంది కాదు, స్ట్రెస్! దానికి మందేమిటయ్యా అంటే, పెంపుడు జంతువుని కాసేపు నిమరడం. కుక్క అంటే క్యాంపులో సగం మందికి పడదు. పిల్లి అంటే ముదీర్ గారికి తుమ్ములు. చిలకలు అరుస్తాయి. నోరెత్తనిదీ, మూలన పడి ఉండేదీ, వారానికి ఒక్కసారి తిండి పెడితే చాలనేదీ ఏముందని వెతికితే పాము దొరికింది. ఇలాంటి మనుషులు దొరికితే ఎంత బాగుండునో అని ముదీర్ గారు నాతోనే అన్నారు.

పాము యజమాని మనవాడే. కడప హిదాయతుల్లా. దుబాయ్‌లో పెంపుడు జంతువుల కొట్లో పనిచేస్తాడు. సెలవు రోజుల్లో తన పామును తీసుకెళ్లి, జనానికి చూపించి, ముట్టుకోనిచ్చి, భయం పోగొడతాడు. దాని పేరు బేగం. విషం లేని చిన్నజాతి కొండచిలువ, నాలుగడుగులుంటుంది. చాలా నెమ్మదైన మనిషి. మనిషి అనేశాను, పోనివ్వండి, కాసేపట్లో మీరూ అలాగే అంటారు.

హిదాయతుల్లా ముందుగా రూల్స్ పంపాడు. వాటిని తెలుగులో రాసి గోడకి అంటించింది నేనే. బేగంను ముట్టుకునే ముందు, తర్వాత చేతులు కడుక్కోవాలి. పది నిమిషాలకు మించి ఎవరూ పట్టుకోకూడదు. తల ముడుచుకుంటే ఆమెకి ఇష్టం లేదని అర్థం, వెంటనే ఇంటికి పంపేయాలి. ఎండలో తిప్పకూడదు. భోంచేశాక రెండు రోజుల పాటు అసలు కదిలించకూడదు! అయ్యా, ఈ దేశంలో ఇంత మంచి ఉద్యోగం ఉందని నాకు తొమ్మిదేళ్లుగా ఎవరూ చెప్పలేదు. పైగా మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉంటాయి, బేగం కాగితాలు మాత్రం ఆమె ప్రయాణించే పెట్టెలోనే ఉన్నాయి. ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు.

ఇక్కడ రాజలింగం గురించి చెప్పాలి. జగిత్యాల పక్క పల్లె అతనిది. మా గోడౌన్‌లో లోడింగ్ పని. ఊళ్లో భార్య గౌరవ్వకి గర్భసంచి ఆపరేషన్. మార్చి ఇరవైన తారీఖు ఇచ్చారు. అంతకుముందు ఒక తారీఖు తప్పిపోయింది, ఎందుకంటే గౌరవ్వ రానంది. ఛుట్టీ కోసం, అంటే ఊరెళ్లే సెలవు కోసం, అర్జీ ఇచ్చి ఆరు వారాలైంది. ప్రతి శుక్రవారం వచ్చి నా ముందు నిలబడేవాడు.

"గౌరవ్వ ఫోన్ల ఒక్కటే మాట సార్. నువ్వు పక్కన నిలవడితెనే బల్లెక్కుత, లేకుంటె చస్తే ఎక్క అంటున్నది. డాక్టరేమో ఇంక ఆగితే పానానికే మోసమంటున్నడు. నా కాయితం ఏడిదాంక వచ్చింది సార్?"

"బుక్రా" అనేవాణ్ణి. రేపు అని. గల్ఫ్‌లో దిగిన ప్రతివాడూ మొదట నేర్చుకునే అరబ్బీ ముక్క. దానికి ఎదురు ప్రశ్న ఉండదు.

పాము కార్యక్రమం మార్చి పదిహేడు, శుక్రవారం పొద్దున, మెస్ హాల్లో. గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని నేను కూర్చున్నాను. నా ముందు ఫారాలు, ఇంకు ప్యాడు. పామును ముట్టుకోవడానికి ఎవరి బలవంతమూ లేదని రాసిన ఒప్పుదల కాగితాలవి. నేను, ఫారం, ఇంకు ప్యాడు, ఈ మూడూ ఒకచోట కనబడితే మా క్యాంపులో దానికి ఒకటే అర్థం. ఛుట్టీలు ఇస్తున్నారు! పావుగంటలో నూట ముప్పై ఏడు మంది క్యూ కట్టారు. మైకులో విషయం చెప్పాను. ఎవరు విన్నారు? ఎవరి భయం వాళ్లది, ఎక్కడ వెనకబడిపోతామో అని. అడగకుండా సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు.

లోపలికి వెళ్తే పాము! ఒక్కడైనా పారిపోయాడా? లేదు. ఛుట్టీకి ఇంతకుముందు రక్తపరీక్ష అడిగాం, నీలం బ్యాక్‌గ్రౌండ్ ఫోటో అడిగాం, సూపర్‌వైజర్ ఉత్తరం అడిగాం. ఇప్పుడు పాము అడుగుతున్నాం కాబోలనుకున్నారు. మొహాలకు చెమటలు పట్టాయి, అయినా ఒక్కొక్కరే వచ్చి చేతులు చాపారు. ముదీర్ గారు దూరంగా నిలబడి ఆనందంగా ఫోటోలు తీయించారు.

పదో మనిషి రాజలింగం. హిదాయతుల్లా బేగంను అతని ముంజేతుల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"గట్టిగ పట్టుకోవద్దన్నా. అట్ల వదులుగ ఉంచు, అదే పట్టుకుంటాది. మొగం కాడికి తేవద్దు."

బేగం మెల్లగా అతని మోచేయి చుట్టూ చుట్టుకుంది. రాజలింగం కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. తర్వాత నేరుగా ముదీర్ గారి వైపు నడిచాడు. తప్పు పట్టకండి, బెదిరించడానికి కాదు. పరీక్ష పాసయ్యానని చూపించడానికి!

"సార్, లైన్ల నిలవడ్డ. దస్కత్ వెట్టిన. పామును గూడ పట్టిన. ఇగ ఛుట్టీ ఇయ్యుండ్రి."

ముదీర్ గారికి తెలుగు రాదు. పాము మాత్రం బాగా అర్థమైంది. వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, వంటగదిలో బియ్యం బస్తాల మీదికి ఎక్కేశారు. భయం పోగొట్టే కార్యక్రమానికి ఆయనే అధ్యక్షులు, మరిచిపోకండి. ఇక చాలు, ఆపండని "ఖలాస్! ఖలాస్!" అంటూ అక్కణ్ణించి ఒకటే కేకలు.

హిదాయతుల్లా వాచీ చూసుకున్నాడు. "పద్నాలుగు నిమిషాలైపాయ! అది తల ముడుచుకున్యాది, ఇంటికి పోవాలంటాంది. ఛుట్టీ ఇచ్చేదాకా ఈయన చెయ్యి ఇయ్యకుంటే నేనెట్ల తీసేది? లాగితే దానికి నొప్పి. ఏందో ఆ కాగితం మీద సంతకం పెట్టి పంపించండి సార్, పుణ్యముంటాది!" అని హిందీలో కూడా మొత్తుకున్నాడు.

"వీడి అర్జీ ఏది? నా దగ్గరికి రానే లేదే!" అని ముదీర్ గారు బస్తాల మీదనుంచి అరిచారు.

ఆఫీసు అదే వరండాలో నాలుగో గది. పరిగెత్తాను. పాముతో సహా రాజలింగం నా వెనకాలే వచ్చాడు, అతని వెనక హిదాయతుల్లా. నా టేబుల్ కింది సొరుగు లాగాను. అందులో అరవై మూడు అర్జీలున్నాయి. పైనుంచి పదకొండోది రాజలింగానిది.

కంగారు పడకండి, చెబుతాను. జనవరిలో మూడు ఛుట్టీ ఫైళ్లు లోపలికి తీసుకెళ్తే ముదీర్ గారు నా మొహాన కొట్టి, ఈసారి తెస్తే నీ రాజీనామా కూడా పట్టుకురా అన్నారు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. ఆ రోజు నుంచి కాగితాలు సొరుగులోకి వెళ్తున్నాయి. అడిగినవాళ్లకి బుక్రా. ఎంత ప్రశాంతంగా జరిగిపోయిందో!

ముదీర్ గారు బియ్యం బస్తా మీదే సంతకం పెట్టారు. అర క్షణం పట్టింది. కారణం అన్నచోట నేను రాసిన "భార్య ఆపరేషన్" కొట్టేసి, "పాము ఆరోగ్యం దృష్ట్యా" అని ఇంగ్లీషులో రాశారు. ఆయన లెక్కలో కారణమంటే అదే మరి. పాస్‌పోర్టు ఇచ్చి, ఆ రోజు విమానానికే టికెట్టు తీయమన్నారు. బేగం తనంతట తానే చుట్టు విప్పుకుని పెట్టెలోకి వెళ్లిపోయింది.

కార్యక్రమం జయప్రదం. పామును పట్టింది పది మందే అయినా, సంతకాల లెక్కన నూట ముప్పై ఏడు మంది భయాన్ని జయించారని హెడ్డాఫీసుకి రిపోర్టు రాసింది నేనే. అందులో నన్ను కలపలేదు.

సాయంత్రం ఎయిర్‌పోర్టు వ్యాన్ వచ్చింది. పాస్‌పోర్టు, టికెట్టు రాజలింగం చేతిలో పెట్టాను. కళ్లకద్దుకున్నాడు. నాకు దండం పెట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

"నా కాయితం గిన్ని దినాలు మీ సొరుగులనే ఉండెనా సార్? లోపటికి పోనే లేదా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగాడు. అందుకే నాకు అంత సిగ్గేసింది. ఏదో ఒకటి చెప్పాలి కదా, వ్యాన్ తలుపు తీసి, "టైమవుతోంది, యల్లా, ఎక్కు ఎక్కు" అన్నాను.