మర్యాదస్తుల సిగార్లు

ఈ కాలంలో పెద్దలంటే గౌరవం లేకుండా పోయిందని ఎవరైనా వాపోతే నమ్మకండి! గౌరవం ఎక్కడికీ పోలేదు. మొన్న ఆదివారం సాయంత్రం అది హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్ళే రోడ్డు పక్కన, ఒక మామిడి తోటలో, నలుగురైదుగురు మగవాళ్ళ వీపుల వెనక ఎర్రగా కాలుతూ ఉంది.

సిగార్ రూపంలో!

చుట్టకీ సిగార్‌కీ తేడా ఏమిటని అడిగి పరువు తీసుకోకండి. చుట్ట తాగేవాణ్ణి ఇంటి ముందు నుంచి కూడా లేపి పంపిస్తారు. సిగార్ తాగేవాడికి ఇన్విటేషన్ పంపిస్తారు. అంతకన్నా తేడా ఇంకేం కావాలి?

కాబట్టి సభ్యసమాజానికి విన్నపం ఏమిటంటే, ప్రతి కుటుంబమూ ఏడాదికోసారైనా అవుట్‌డోర్ సిగార్ గ్యాదరింగ్‌కి వెళ్ళి తీరాలి. పెద్దల ఎదుట ఎలా మసలుకోవాలో బళ్ళు నేర్పలేకపోతున్నాయి, గుళ్ళూ చర్చీలూ నేర్పలేకపోతున్నాయి. సిగార్ నేర్పుతుంది. సందేహముంటే భవానీపురం జోయెల్ సంగతి వినండి.

జోయెల్ విత్తనాల కంపెనీలో ఏరియా మేనేజరు. భార్య హన్నా స్కూల్ టీచరు. కూతురు ఏంజెల్ రెండో తరగతి. ఆ పిల్లకి చలిగాలి తగిలినా, దుమ్ము రేగినా ఆయాసం వస్తుంది. అందుకని హన్నా హ్యాండ్‌బ్యాగులో ఇన్‌హేలర్ ఎప్పుడూ ఉంటుంది.

జోయెల్ తండ్రి సొలొమోను గారు పామర్రులో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. చర్చి సంఘంలో పెద్ద. ఆయన ఎదుట జోయెల్ ఇంతవరకూ సిగరెట్ ముట్టించి ఎరగడు. అదీ పెంపకమంటే! తండ్రి భవానీపురం వచ్చి ఉన్నన్నాళ్ళూ జోయెల్ పొగ తాగాలంటే రెండు వీధులు దాటి, కరకట్ట దాకా నడిచి వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు నోట్లో లవంగం, చొక్కాకి సెంటు. తండ్రిని బస్సెక్కించి ఇంటికొచ్చాక మాత్రం హాల్లో సోఫా మీద, ఫ్యాను కింద, కాలు మీద కాలు వేసుకుని వెలిగిస్తాడు. హాల్లో అప్పుడు పెద్దవాళ్ళెవరూ ఉండరు కదా! ఏంజెల్ ఒక్కతే కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటూ ఉంటుంది.

ఇలా ఉండగా, జోయెల్‌తో కలిసి సొలొమోను గారి దగ్గరే చదువుకున్న రాఘవ నుంచి వాట్సాప్‌లో పిలుపొచ్చింది. రాఘవ వెంచర్లు వేసి పైకొచ్చినవాడు. దుబాయ్ వెళ్ళి పెట్టెడు సిగార్లతో దిగాడు. ‘సిగార్ ఈవెనింగ్ విత్ ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్’ అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కంటి పరీక్షకని కొడుకింటికి వచ్చి ఉన్న సొలొమోను గారికి తనే ఫోన్ చేశాడు.

“మాస్టారూ, మా తోటలో చిన్న గెట్ టుగెదరండీ. మీరు రాకపోతే నేనొప్పుకోను.”

“వస్తాన్రా రాఘవా. నీ తోట చూసినట్టూ ఉంటుంది” అన్నారాయన.

సిగార్ మాట వాడు చెప్పలేదు. గురువు గారికి ఆ మాటెలా చెప్తాడు?

“ఒరేయ్, మా నాన్నని పిలిచావేంట్రా?” అని జోయెల్ రాఘవతో ఫోన్లో గొణిగాడు.

“ఫ్యామిలీ అన్నాం కదరా మరి! మాస్టారు చెట్టు కింద కుర్చీలో కూచుంటారు. మనం కాస్త పక్కకెళ్తాం. అంతేగా!”

ఆదివారం ఆరాధన ముగించుకుని, భోంచేసి, నలుగురూ కారులో బయల్దేరారు. తోటలో షామియానా, కూలర్లు, పకోడీలు, బిర్యానీ డేగిసాలు. ఒక టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి, నగల దుకాణంలో హారాలు పెట్టినట్టు సిగార్లు పెట్టారు. వాటిని కొయ్యడానికి ప్రత్యేకమైన కత్తెర కూడా ఉంది.

రాఘవ పాఠం మొదలుపెట్టాడు. “సిగార్ పొగ లోపలికి మింగకూడదురా. నోట్లోనే తిప్పి, బయటికి వదిలెయ్యాలి.”

ఎంత త్యాగమో చూడండి! తనకంటూ ఏమీ ఉంచుకోకుండా మొత్తం పక్కవాళ్ళకే పంచిపెట్టడం ఏ దానధర్మాలకి తీసిపోతుంది?

రాఘవ తన సిగార్ వెలిగించి ఒక్క దమ్ము లాగాడో లేదో, సొలొమోను గారు ఇటు నడిచొచ్చారు. సిగార్ వీపు వెనక్కి వెళ్ళిపోయింది. “రండి మాస్టారూ, రండి” అంటూ ఒంటిచేత్తో నమస్కారం పెట్టాడు. రాఘవ మామగారు నాగేశ్వరరావు గారికి మాత్రం ఎవరి భయమూ లేదు. ఆయన దర్జాగా వెలిగించి కుర్చీలో వెనక్కి వాలారు. సరిగ్గా అప్పుడే కారు దిగారు ఆయన అక్క పద్మావతమ్మ గారు.

“పట్టుకో అల్లుడూ!” అన్నారాయన కంగారుగా.

అలా రాఘవ వీపు వెనకకి రెండో సిగార్ చేరింది. ఇప్పుడు నమస్కారానికి ఒంటిచెయ్యి కూడా మిగల్లేదు. తల ఒంచి, పద్మావతమ్మ గారికి భక్తిగా నవ్వాడు. “ఎంత వినయమో ఈ అబ్బాయికి!” అని మురిసిపోయిందావిడ.

చెప్పండి, ఏ సంస్కార శిబిరం ఇంత వినయం నేర్పగలదు?

టిఫిన్లకి ముందు మాస్టారిని ప్రార్థన చెయ్యమన్నారు. ఆయన లేచి నిలబడి కళ్ళు మూశారు. “ప్రభువా, ఈ ఆహారాన్ని ఆశీర్వదించు. దీన్ని వండిన చేతుల్ని ఆశీర్వదించు...” అందరూ కళ్ళు మూసుకున్నారు. మాస్టారి ప్రార్థన పొడుగని రాఘవకి చిన్నప్పటి నుంచీ తెలుసు. వానల దగ్గర నుంచి రోగుల దాకా వస్తారాయన. ఆ సందులో వాడు రెండు దమ్ములు లాగేశాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి మాస్టారి ముందు నీలంగా ఒక మబ్బు తేలుతోంది.

“ఏదో కాలుతున్నట్టుందిరా” అన్నారాయన.

“వంట దగ్గరండీ, మాస్టారూ!”

“అంతే అయ్యుంటుంది” అని మాస్టారు పకోడీ తీసుకున్నారు.

ఇక లాభం లేదని మగవాళ్ళు దాక్కునే చోటు వెతుక్కున్నారు. తోటంతా ఆరుబయలే. ఎక్కడ నిలబడినా మాస్టారికో పద్మావతమ్మ గారికో కనిపిస్తారు. నాలుగు గోడలున్నది ఒక్క మోటారు షెడ్డే. దానికో తలుపు, చిన్న కిటికీ. ఎండగా ఉందని పిల్లల్ని అప్పటికే అందులో కూర్చోబెట్టి క్యారమ్ బోర్డు ఇచ్చారు. హన్నా, రాఘవ భార్య శాంభవి వాళ్ళకి కాపలాగా ఉన్నారు. మగవాళ్ళంతా అందులోకి దూరి తలుపు దగ్గరగా వేసి, హాయిగా వెలిగించుకున్నారు.

“ఏవండీ, ఇక్కడ పిల్లలున్నారు” అంది హన్నా.

“రెండు నిమిషాలు హన్నా. నాన్న అటు పక్కనే ఉన్నారు” అన్నాడు జోయెల్.

ఆమె ఏంజెల్‌ని కిటికీ దగ్గరికి జరిపింది.

కాసేపటికి బయట నుంచి దగ్గు వినిపించింది. సొలొమోను గారిది. తోట చూస్తూ అటుగా వస్తున్నారు. వస్తున్నానని తెలియడానికి దగ్గారు. సిగార్లన్నీ వీపుల వెనక్కి వెళ్ళాయి. ఆయన తలుపు దాకా రాలేదు. ఇంకోసారి గట్టిగా దగ్గి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. కొడుకుని పొగతో చూడకుండా ఉండటం తండ్రి మర్యాద. తండ్రికి కనబడకుండా ఉండటం కొడుకు మర్యాద. ఇద్దరూ ఎన్నో ఏళ్ళుగా దాన్ని కాపాడుకొస్తున్నారు. జోయెల్‌కి కళ్ళు చెమర్చినంత పనైంది. కొంత పొగ వల్ల కూడా కావచ్చు.

మళ్ళీ వెలిగించారు. మళ్ళీ దగ్గు. ఈసారి మరీ దగ్గరగా, ఆగకుండా. సిగార్లు మళ్ళీ వెనక్కి. అందరూ ఊపిరి బిగబట్టారు. రాఘవ మెల్లిగా తలుపు సందులోంచి చూశాడు. బయట ఎవరూ లేరు. వెనక్కి తిరిగాడు. వాడి మొహం విప్పారింది.

“హమ్మయ్య! మాస్టారు కాదురా. పాప!”

అందరూ తేలిగ్గా నవ్వి సిగార్లు ముందుకి తీశారు.

జోయెల్ కూడా నవ్వాడు. చెయ్యి నోటి దాకా వెళ్ళింది. అప్పుడు కూతురు కనిపించింది. కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని, గాలి కోసం మొహం బయటికి పెట్టుకుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. హన్నా బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీస్తోంది. భర్త వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండునని జోయెల్‌కి అనిపించింది.

తలుపు తోసి, పిల్లని ఎత్తుకుని బయటికొచ్చాడు. ఎడమచేతిలో సిగార్ ఇంకా కాలుతూనే ఉంది. దాన్ని దాచాలన్న సంగతి గుర్తుకు రాలేదు. ఎదురుగా సొలొమోను గారు. ఆయన అలవాటుగా మొహం పక్కకి తిప్పుకోబోయారు.

“నాన్నగారూ, పాపకి ఆయాసం వచ్చింది. లోపల మేం పొగ తాగుతున్నాం” అన్నాడు జోయెల్.

“తెలుసురా. అందుకేగా దగ్గి వెళ్ళిపోయాను” అన్నారు మాస్టారు. అంతలో మనవరాలి మొహం చూశారు. “ఇదీ లోపలే ఉందా?”

“ఉందండీ.”

మాస్టారు కొడుకు చేతిలోంచి సిగార్ తీసుకుని తడిమట్టిలో అదిమేశారు. ఒకే పొగాకు ముక్కని తండ్రీకొడుకులిద్దరూ కలిసి ముట్టుకోవడం అదే మొదలు.

మందు పడ్డాక ఏంజెల్ తేరుకుంది. బిర్యానీకి ఆగకుండా బయల్దేరారు. మిగిలినవాళ్ళు పిల్లలకి ఇబ్బందవుతోందని గ్రహించి, ఎంతో బాధ్యతగా షెడ్డుకి రెండో కిటికీ కూడా ఉంటే బాగుండేదని చర్చించుకున్నారు.

కారులో ఏంజెల్ తాతయ్య ఒళ్ళో కూర్చుంది. అద్దాలన్నీ దించి ఉన్నాయి. కాసేపు రోడ్డు చూసి, నెమ్మదిగా అడిగింది.

“తాతయ్యా, డాడీ నీ ముందు ఎందుకు తాగరు?”

సొలొమోను గారు గొంతు సవరించుకున్నారు. “నేను పెద్దవాణ్ణి కదమ్మా. పెద్దవాళ్ళ ముందు తాగకూడదు. అది మర్యాద.”

ఆ పిల్ల అది బాగా ఆలోచించింది.

“అయితే నేనెప్పుడు పెద్దదాన్నవుతాను?”

గన్నవరం దాటింది. బెజవాడ ట్రాఫిక్ వచ్చింది. భవానీపురం కూడా వచ్చేసింది. ఆ కారులో ఉన్న పెద్దవాళ్ళు ముగ్గురూ ఇంకా రోడ్డు వైపే చూస్తున్నారు.